కొత్త గోల్ఫ్ సెట్టు చేతికి అలవాటయ్యేదాకా

చిన్నీ,

గోల్ఫ్‌కు కొత్త ఐరన్ల సెట్టు, అదే ఇనప తలలున్న క్లబ్బులు, కొన్నావని, వచ్చే నెల ఆఫీసు టోర్నమెంటుకు పేరు కూడా ఇచ్చావని నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషం వేసిందో! మన ఇంట్లో సొంత జీతంతో క్లబ్బులు కొనుక్కున్న ఆడపిల్లవు నువ్వే. పొద్దున్నే ఇక్కడ నందనం గోల్ఫ్ కోర్సులో నాతో ఆడేవాళ్లందరికీ చెప్పేశాను. రాత్రి మాత్రం సరిగ్గా నిద్ర పట్టలేదు. షాఫ్టులు, అంటే క్లబ్బుల కాడలు, స్టీలా, గ్రాఫైటా? వాటి మీద ఆర్ (మామూలుగా వంగేది) అని ఉందా, ఎస్ (గట్టిది) అని ఉందా? ముందు బ్యాగు తీసి అది చూడు. మిగతా ఉత్తరం తర్వాత చదువుదువుగాని.

బంతిని గుంటలోకి నెట్టే పాత పట్టర్ని ఇప్పుడే మార్చకు. బ్యాగులో క్లబ్బులు 14 దాటనివ్వకు. చేత్తో పట్టుకునే చోట గ్రిప్పులు చెమటకు జారితే సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టు.

షాఫ్టు గురించి ఎందుకింత కంగారు అంటే, మీ నాన్న వల్ల. మీరు బెంగళూరుకు మారిన కొత్తలో, ఆఫీసులో ఒకాయన విదేశం వెళ్తూ తన సెట్టు అమ్మేస్తుంటే బావ కొన్నాడు. మెరిసిపోయే ఐరన్లు, గట్టి స్టీలు షాఫ్టులు. బావ స్వింగు ఎంత నింపాదిగా ఉండేదో నీకు తెలియదు, తొందరన్నదే లేదు. అలాంటి స్వింగుకు ఆ షాఫ్టులు వంగవు. బంతి లేవకుండా కుడి పక్కకు పోయేది. క్లబ్బులో తేడా ఉందేమో అని ఒక్కసారీ అనుమానించలేదు. తన బలమే చాలడం లేదనుకున్నాడు. సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా ప్రాక్టీసు చేసే రేంజికి వెళ్లి, చాప మీద పెట్టి బకెట్ తర్వాత బకెట్ బంతులు కొట్టేవాడు. గ్రిప్పు బిగించాడు, భుజాలు బిగించాడు. చాప కింద సిమెంటు. ప్రతి దెబ్బ అదురూ మోచేతికే.

నొప్పి సంగతి ఎవరికీ చెప్పలేదు. నేను వచ్చినప్పుడు బయటపడింది. చిన్నపిల్లవి, ఎత్తుకోమని చేతులు చాస్తే కుడి చెయ్యి ముందుకు తెచ్చి, ఆగి, ఎడం చేత్తో ఎత్తుకున్నాడు. ఏమైంది బావా అంటే, ఏం లేదన్నాడు. కాఫీ గ్లాసు కూడా ఎడం చేత్తోనే పట్టుకున్నాడు. బలవంతంగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, మోచేతి లోపలి వైపు నరం కాదు, కండను ఎముకకు పట్టి ఉంచే భాగం దెబ్బతిందన్నారు. ఆ ఏడాదంతా ఆట లేదు. తర్వాత పాత సెట్టు తీసినా ఆ నింపాది స్వింగు మళ్లీ రాలేదమ్మా. ఇన్నేళ్లయినా నాకది బాధే. నువ్వు అచ్చం మీ నాన్నవి, జ్వరం వచ్చినా చెప్పవు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా: మోచెయ్యి పట్టేసినట్టు అనిపించిన రోజు ఇంకొక్క బంతి కూడా కొట్టకు.

మొదటి వారం వెడ్జితో, అంటే దగ్గరి దెబ్బలకు వాడే బాగా వాలు ముఖమున్న క్లబ్బుతో, సగం స్వింగులే కొట్టు. తర్వాత ఎయిట్ ఐరన్‌కు వెళ్లు. వీలైనంతవరకు గడ్డి మీదే కొట్టు. క్లబ్బు బంతికి ముందే నేలను తాకినా చాప మీద జారిపోయి దెబ్బ బాగానే పడినట్టుంటుంది, గడ్డి మీద తప్పు వెంటనే తెలుస్తుంది. పాదాలకు కొట్టుకునే పౌడరు స్ప్రే కొంచెం క్లబ్బు ముఖం మీద కొడితే బంతి తగిలినచోట మచ్చ పడుతుంది. అది నడిమధ్యకు దగ్గరగా ఉందో లేదో చూసుకో. ఇంకోటి, బంతి మీద మార్కరుతో నిలువు గీత గీసి, ఆ గీత క్లబ్బు వైపు ఉండేలా పెట్టి కొట్టు. ముఖం మీద పడిన గీత నిటారుగా లేకపోతే లై, అంటే షాఫ్టుకూ క్లబ్బు తలకూ మధ్య కోణం, సరిచేయించాలి. ఫోటో తీసి నాకు పంపు.

దూరాలు చూసి మురిసిపోకు. లాఫ్ట్ అంటే క్లబ్బు ముఖం వాలు, అది తగ్గితే బంతి ఎక్కువ దూరం పోతుంది. ఇప్పటి సెవెన్ ఐరన్లకు లాఫ్ట్ చాలావరకు 30 డిగ్రీల చుట్టూ ఉంటుంది, మన పాత సెట్లలో 34, 35 ఉండేది. పైగా మీ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తు. ఇక్కడ 150 గజాలు పోయే బంతి అక్కడ ఇంకో ఐదు గజాలు పోతుంది. నువ్వు ఆట నేర్చుకున్నది చెన్నైలో, ఆ లెక్కలు పక్కన పెట్టి మళ్లీ రాసుకో. రేంజి బంతులు అరిగినవి, వాటితో లెక్క వేయకు. పిచింగ్ వెడ్జి లాఫ్ట్ కూడా చూడు. 44 ఉండి, నీ శాండ్ వెడ్జి 56 అయితే రెండింటి దూరాల మధ్య పెద్ద ఖాళీ. 50 డిగ్రీల గ్యాప్ వెడ్జి ఒకటి కావాలి.

దూరం కోసం తాపత్రయపడొద్దు తల్లీ. మీ బెంగళూరు అమ్మాయే అదితి అశోక్ టోక్యో ఒలింపిక్స్‌లో తనకంటే చాలా దూరం కొట్టేవాళ్ల మధ్య ఆడి నాలుగో స్థానంలో నిలిచింది. పతకం ఒక్క స్ట్రోకు తేడాతో పోయింది. ఆ రోజు టీవీ ముందు నుంచి నేను లేవలేదు.

టోర్నమెంటు నాటికి కొత్తవి చేతికి అలవాటు కాకపోతే పాత ఐరన్లతోనే ఆడు, అందులో నామోషీ ఏమీ లేదు. వాటిని అప్పుడే ఎవరికీ ఇచ్చేయకు. షాఫ్టుల మీద ఎస్ అని ఉంటే ఈ శనివారమే క్లబ్బులు మనిషికి సరిపడేలా మార్చే ఫిట్టరు దగ్గరికి తీసుకెళ్లి నీ స్వింగు చూపించు. మార్చాలంటే మార్పించెయ్. డబ్బు నేను పంపుతాను, మీ అమ్మతో చెప్పనక్కర్లేదు.

మీ మామయ్య
చెన్నై