ఎనిమిది సీపీయూలు ఇస్తే విండోస్ రెండే చూపిస్తోంది!

పాఠకుల ప్రశ్నలు – జవాబులు: వర్చువల్ మెషీన్లలో ప్రాసెసర్ అమరిక

(వర్చువల్ మెషీన్ అంటే అసలు కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్. అసలుదాన్ని హోస్ట్ అని, లోపలిదాన్ని గెస్ట్ అని అంటారు. ఆదేశాలను చదవడానికి వీలుగా తెలుగు లిపిలో ఇచ్చాం. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలే వాడాలి. కామాల పక్కన ఖాళీ వదలకూడదు.)

ఉబుంటులో వర్ట్-మేనేజర్‌తో విండోస్ 11 ప్రో గెస్ట్ పెట్టుకున్నాను. 8 సీపీయూలు కేటాయించినా టాస్క్ మేనేజర్‌లో 2 మాత్రమే కనిపిస్తున్నాయి. మిగతా ఆరూ ఏమయ్యాయి? డ్రైవర్ ఏమైనా వేయాలా?
– ఒక పాఠకుడు, వరంగల్

డ్రైవర్ల జోలికి వెళ్లకండి. ఇక్కడ అడ్డుపడింది లైసెన్స్. విండోస్ హోమ్ ఒక్క సాకెట్‌నే వాడుకుంటుంది, ప్రో రెండింటిని. సాకెట్ అంటే మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ చిప్ కూర్చునే చోటు. ఒకే చిప్‌లో 8 కోర్లున్నా (కోర్ అంటే చిప్‌లో విడిగా పనిచేసే ప్రాసెసర్ భాగం) విండోస్‌కు అభ్యంతరం లేదు. చిప్‌లే ఎక్కువైతే మాత్రం పక్కన పెట్టేస్తుంది.

మరి మీ గెస్ట్‌కు ఎనిమిది చిప్‌లు ఎక్కడి నుంచి వచ్చాయి? వర్ట్-మేనేజర్ వెనక పనిచేసే లిబ్‌వర్ట్‌కు ‘8’ అని అంకె చెప్పి, అమరిక ఏమీ చెప్పకపోతే, 8 సాకెట్లు, సాకెట్‌కు ఒక కోర్ చొప్పున లెక్కగట్టి, గెస్ట్‌ను అసలు నడిపే ప్రోగ్రామ్ అయిన క్యూఈఎంయూకు అందిస్తుంది. విండోస్ అందులో రెండు తీసుకుని ఊరుకుంది. మీది హోమ్ అయ్యుంటే ఒక్కటే కనిపించేది.

ముందు గెస్ట్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేయండి. లోపలి నుంచి రీస్టార్ట్ చేస్తే సరిపోదు, నడుస్తున్న క్యూఈఎంయూ ప్రాసెస్ పాత అమరికనే పట్టుకుని ఉంటుంది. తర్వాత వర్ట్-మేనేజర్‌లో ఆ మెషీన్ వివరాలు తెరిచి ‘సీపీయూస్’ నొక్కి, కింద ‘టోపాలజీ’ని విప్పండి. ‘మాన్యువల్లీ సెట్ సీపీయూ టోపాలజీ’కి టిక్ పెట్టి సాకెట్స్ 1, కోర్స్ 8, థ్రెడ్స్ 1 (ఒక్కో కోర్ ఒకేసారి నడిపే పనుల వరసలు) ఇచ్చి అప్లై చేయండి. క్యూఈఎంయూని నేరుగా నడిపేవారు ‘-ఎస్‌ఎంపీ 8,సాకెట్స్=1,కోర్స్=8,థ్రెడ్స్=1’ అని రాయాలి. అప్పటికీ రెండే కనిపిస్తే ఎంఎస్‌కాన్ఫిగ్‌లో బూట్ ట్యాబ్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కు వెళ్లి ‘నంబర్ ఆఫ్ ప్రాసెసర్స్’కు ఎవరైనా టిక్ పెట్టారేమో చూసి తీసేయండి. వేగం పెరుగుతుందన్న ఏదో వీడియో సలహా విని చాలామంది అక్కడ వేలు పెడుతుంటారు.

ఇంకో మెలిక ఉంది. క్యూఈఎంయూ 6.2 నుంచి, మెషీన్ టైప్ (గెస్ట్‌కు క్యూఈఎంయూ చూపే కంప్యూటర్ నమూనా వెర్షన్) కూడా 6.2 లేదా ఆపైదైతే, వట్టి ‘-ఎస్‌ఎంపీ 8’ అన్నా 1 సాకెట్, 8 కోర్లుగా తీసుకుంటుంది. అంతకు ముందు 8 సాకెట్లుగా తీసుకునేది. మెషీన్ టైప్ 6.1 దగ్గరే ఆగిన పాత గెస్ట్‌కు క్యూఈఎంయూని ఎంత అప్‌గ్రేడ్ చేసినా పాత లెక్కే వర్తిస్తుంది. కాబట్టి మూడు అంకెలూ రాసేయడమే మేలు.

నాది రైజెన్ 7 3700ఎక్స్: 8 కోర్లు, 16 థ్రెడ్లు. లినక్స్ గెస్ట్‌కు 4 కోర్లు, థ్రెడ్స్=2 ఇచ్చాను. ఈ ఏఎండీ సీపీయూకు హైపర్‌థ్రెడింగ్ లేదని క్యూఈఎంయూ హెచ్చరిస్తోంది. హోస్ట్‌లో నిక్షేపంగా ఉంది కదా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

ఒకే కోర్ రెండు థ్రెడ్లు నడిపే ఆ హైపర్‌థ్రెడింగ్ హోస్ట్‌లో ఉంది, గెస్ట్‌కు ఆ సంగతి చేరడం లేదు. ఏఎండీ చిప్‌లు ఏ థ్రెడ్ ఏ కోర్‌దో చెప్పే సమాచారాన్ని ‘టోపోఎక్స్ట్’ అనే ఫీచర్ వెనక ఉంచుతాయి. సీపీయూ మోడల్‌గా ‘హోస్ట్’ అని ఇచ్చినా అది దానంతటది ఆన్ కాదు. ‘-సీపీయూ హోస్ట్,టోపోఎక్స్ట్=ఆన్’ అని ఇవ్వండి. లిబ్‌వర్ట్ ఎక్స్‌ఎంఎల్‌లో అయితే ‘సీపీయూ’ ట్యాగ్ లోపల టోపోఎక్స్ట్ ఫీచర్‌ను ‘రిక్వైర్’ పాలసీతో చేర్చండి. గెస్ట్‌లో ‘ఎల్‌ఎస్‌సీపీయూ’ కొడితే కోర్‌కు థ్రెడ్లు 2 అని రావాలి. ఇంటెల్ చిప్‌లతో ఈ తంటా లేదు.

అయితే పిన్ చేసే (ఒక్కో వర్చువల్ సీపీయూని హోస్ట్‌లో ఒక సీపీయూకు కట్టేసే) ఉద్దేశం లేకపోతే థ్రెడ్స్=2 ఇవ్వకండి. ఇచ్చారంటే 0, 1 నంబర్ల సీపీయూలు ఒకే కోర్ పంచుకునే జంట అని గెస్ట్ నమ్ముతుంది. బరువైన పనులను 0, 2, 4 మీద విడివిడిగా పెట్టి, తెలివిగా సర్దానని అనుకుంటుంది. కింద హోస్ట్ ఆ వర్చువల్ సీపీయూలను తన ఇష్టం వచ్చిన చోటికి జరుపుతూ ఉంటే, విడివిడిగా పెట్టిన రెండు పనులూ ఒకే అసలు కోర్ మీద పడవచ్చు.

పిన్ చేయాలంటే హోస్ట్‌లో ‘ఎల్‌ఎస్‌సీపీయూ -ఈ’ కొట్టి ‘కోర్’ వరుస చూడండి. మీ చిప్‌లో సాధారణంగా 0కి జంట 8, 1కి జంట 9, అలా 7కి 15. గెస్ట్‌లో మాత్రం జంటలు పక్కపక్కనే ఉంటాయి: 0–1, 2–3, 4–5, 6–7. పొరపాటు జరిగేది ఇక్కడే. గెస్ట్ 0ని హోస్ట్ 0కి, 1ని 1కి అంటూ వరసగా కట్టేస్తే, గెస్ట్ జంట అనుకున్నవి హోస్ట్‌లో వేర్వేరు కోర్లు అవుతాయి. మీరు ఇలా కట్టండి: గెస్ట్ 0 హోస్ట్ 4కి, 1 హోస్ట్ 12కి, 2 అయిదుకి, 3 పదమూడుకి, 4 ఆరుకి, 5 పద్నాలుగుకి, 6 ఏడుకి, 7 పదిహేనుకి. వర్చువల్ డిస్క్ పనులు చూసే ఎమ్యులేటర్ థ్రెడ్లను ‘ఎమ్యులేటర్‌పిన్’తో 0–3, 8–11 మీద వదిలేయండి.

4 నుంచి 7 వరకే ఎందుకంటే, 3700ఎక్స్‌లో కోర్లు నాలుగేసి చొప్పున రెండు గుంపులు. గుంపుకు 16 ఎంబీ ఎల్3 క్యాష్ (కోర్లు పంచుకునే వేగమైన మెమరీ). గెస్ట్ రెండు గుంపుల్లో కాళ్లు పెడితే, డేటా అటూఇటూ తిరగడానికే సమయం పోతుంది. ‘ఎల్‌ఎస్‌సీపీయూ -ఈ’లో చివరి క్యాష్ అంకె ఒకటే ఉన్న కోర్లన్నీ ఒకే గుంపు. కట్టిన పిన్‌లు అమలయ్యాయో లేదో ‘వర్ష్ వీసీపీయూఇన్ఫో’ చెబుతుంది.

ఎం1 మ్యాక్‌లో యూటీఎం (క్యూఈఎంయూని వాడే మ్యాక్ యాప్)తో ఎక్స్86 లినక్స్ నడుపుతున్నాను. 8 కోర్లిచ్చినా నత్తనడకే.
– ఒక విద్యార్థి, విజయవాడ

యాక్టివిటీ మానిటర్‌లో క్యూఈఎంయూ వాడకం 100% దగ్గర ఆగి ఉంటే, పనంతా ఒక్క కోరే చేస్తోందని అర్థం. ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ రకం) చిప్ మెమరీ రాతల క్రమాన్ని గట్టిగా పాటిస్తుంది, మీ ఎం1లాంటి ఆర్మ్ చిప్ అంత పట్టించుకోదు. ఆ తేడా వల్ల తప్పులు రాకుండా క్యూఈఎంయూ మీ ఎనిమిదింటినీ ఒకే థ్రెడ్‌లో వంతులవారీగా నడుపుతుంది. యూటీఎం సిస్టమ్ సెట్టింగ్స్‌లో ‘ఫోర్స్ మల్టీకోర్’ ఉంది. వేగం పెరగొచ్చు గానీ గెస్ట్ ఉన్నట్టుండి కూలిపోవచ్చు, లెక్కలు తప్పొచ్చు. పరీక్షకు సరే, దాచుకోవలసిన ఫైళ్లుంటే వద్దు. ఎక్స్86 తప్పనిసరి కాకపోతే ఆర్మ్64 లినక్స్‌ను ‘వర్చువలైజ్’ (గెస్ట్‌ను మీ చిప్ మీదే నేరుగా నడిపే) పద్ధతిలో వేసుకోండి. అప్పుడు కోర్లన్నీ నిజంగా పనిచేస్తాయి.

‘సీపీయూ టోపాలజీ గరిష్ఠ వీసీపీయూ సంఖ్యతో సరిపోలడం లేదు’ అంటూ గెస్ట్ మొదలవడం లేదు. నిన్నటి దాకా బాగానే ఉంది. వీసీపీయూలను (వర్చువల్ సీపీయూలను) 4 నుంచి 6 చేశాను, అంతే.
– ఒక పాఠకుడు, కాకినాడ

టోపాలజీ ఇంకా 1×4×1 దగ్గరే ఉండి ఉంటుంది. సాకెట్లు, కోర్లు, థ్రెడ్ల గుణకారం గరిష్ఠ సంఖ్యకు సమానం కావాలి, అంతకు తక్కువా కాకూడదు, ఎక్కువా కాకూడదు. కోర్లను 6 చేయండి. ఇప్పుడు 4తో మొదలుపెట్టి తర్వాత 6 చేసుకోవాలంటే ‘-ఎస్‌ఎంపీ 4,మాక్స్‌సీపీయూస్=6,సాకెట్స్=1,కోర్స్=6,థ్రెడ్స్=1’. లిబ్‌వర్ట్‌లో ‘వీసీపీయూ’ ట్యాగ్‌లో 6 రాసి, ‘కరెంట్’కు 4 ఇవ్వాలి.

4 కోర్లు, 8 థ్రెడ్ల ల్యాప్‌టాప్. లినక్స్ గెస్ట్‌కు ఎన్ని ఇవ్వొచ్చు?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

నాలుగు. ఎనిమిదీ ఇస్తే, గెస్ట్ కెర్నల్‌లో ఒక తాళం (ఒకే సమయంలో ఒక్కరే వాడుకోవాల్సిన డేటాకు కాపలా) పట్టుకున్న వర్చువల్ సీపీయూని హోస్ట్ సరిగ్గా ఆ క్షణంలో పక్కకు నెట్టవచ్చు. మిగతా ఏడూ ఆ తాళం కోసం గిరగిరా తిరుగుతూ కరెంటు తింటాయి. కేవీఎం (లినక్స్‌లోని వర్చువల్ మెషీన్ సదుపాయం) గెస్ట్‌లో ‘టాప్’ కొట్టి ‘ఎస్‌టీ’ అంకె (హోస్ట్ సీపీయూ ఇవ్వక గెస్ట్ ఎదురుచూసిన సమయ శాతం) చూడండి. అది తరచూ 5, 10 దాటుతుంటే రెండు తగ్గించి మళ్లీ చూడండి.