స్టేటస్ మారింది, స్టాంపు లేదు: ఇండియా వెళ్లి రావచ్చా?

పెళ్లిళ్ల సీజన్ దగ్గర పడుతుందంటే నాకు వచ్చే ఫోన్లలో సగం ఇదే ప్రశ్న. "అన్నా, ఇక్కడ అమెరికాలోనే ఎఫ్-1 స్టూడెంట్ స్టేటస్ నుంచి హెచ్-1బీ ఉద్యోగ స్టేటస్‌కి మారాను. అక్టోబరు నుంచి హెచ్-1 మీదే జీతం వస్తోంది. పాస్‌పోర్టులో మాత్రం పాత స్టూడెంట్ వీసానే ఉంది, అది కూడా ఎక్స్‌పైర్ అయిపోయింది. నేనిప్పుడు లీగల్‌గానే ఉన్నట్టా? చెల్లి పెళ్లికి వెళ్తే స్టాంపింగ్ అవుతుందా?"

మొదటి సందేహానికి ఒక్కటే మాట. లీగల్‌గానే ఉన్నారు, హాయిగా నిద్రపోండి. పాస్‌పోర్టులో అతికించే వీసా, అదే మనం స్టాంపు అనేది, పనికొచ్చేది అమెరికా ఎయిర్‌పోర్టు దాకా వచ్చి, లోపలికి రానివ్వమని అడగడానికి. లోపలికి వచ్చాక ఎన్నాళ్లుండొచ్చు, ఏ స్టేటస్‌లో ఉన్నారు అన్నది చెప్పేది ఐ-94 అనే ఎంట్రీ రికార్డు. స్టాంపు తేదీ దాటిపోయినా ఐ-94 చెల్లుబాటులో ఉండి, దాని ప్రకారమే పని చేసుకుంటూ ఉంటే మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. ఇండియాకే వెళ్లకుండా ఏళ్ల తరబడి స్టాంపు లేకుండా ఉన్నవాళ్లు మన చుట్టుపక్కలే బోలెడంత మంది.

అయితే మీ దగ్గరున్న కాగితం ఏదో ఒకసారి తీసి చూడండి. హెచ్ఆర్ వాళ్లు "అప్రూవ్డ్" అని మెయిల్ పెట్టగానే స్వీట్లు పంచేస్తారు తప్ప, ఐ-797 అనే ఆ అప్రూవల్ నోటీసు పైన ఏ అక్షరం ఉందో చాలామంది చూడరు. ఐ-797ఏ అయితే కింది భాగంలో, చింపి దాచుకునేలా, మీ పేరు, ఐ-94 నంబరు, తేదీలు ఉంటాయి. అంటే కంపెనీ మీ కోసం వేసిన పిటిషన్‌తో పాటు స్టేటస్ మార్పు కూడా ఒప్పుకున్నారని. ఐ-797బీ అయితే ఆ ముక్క ఉండదు. పిటిషన్ పాస్ అయింది కానీ మీ స్టేటస్ మారలేదు. బయటికి వెళ్లి, స్టాంపింగ్ చేయించుకుని తిరిగి వస్తేనే హెచ్-1. ఆ విషయం తెలియక పని మొదలుపెడితే అది అనుమతి లేని ఉద్యోగం కిందికి వస్తుంది. కాబట్టి "అప్రూవల్ వచ్చింది" అన్న మాటతో సరిపెట్టుకోకుండా మొత్తం పీడీఎఫ్ అడిగి తీసుకోండి. అది మీ కాగితం, అడగడానికి మొహమాటం ఎందుకు?

ఇక ప్రయాణం సంగతి. అందరూ కౌన్సులేట్‌లో ఆఫీసరు ఏమడుగుతారో అని భయపడతారు. నన్నడిగితే అంతకంటే భయపడాల్సింది టికెట్ మీదున్న తేదీకి.

హెచ్-1బీ లాటరీ ఫలితం మార్చిలో వస్తుంది, ఏప్రిల్ నుంచి ఫైలింగ్, నిర్ణయం ఎండాకాలంలో ఎప్పుడో. సరిగ్గా ఆ మధ్యలోనే ఇంట్లో ఏదో శుభకార్యం పడుతుంది. స్టేటస్ మార్పు ఇంకా పెండింగ్‌లో ఉండగా మీరు దేశం దాటితే ఆ మార్పు కోరికను మీరే వదులుకున్నట్టు లెక్క. పిటిషన్ అప్రూవ్ కావచ్చు, మార్పు మాత్రం పోతుంది. ఇదివరకు దీనివల్ల అయ్యే నష్టం ఒక స్టాంపింగ్ ట్రిప్పు, కొంచెం తలనొప్పి, అంతే. 2025 సెప్టెంబరు 21 తర్వాత కథ మారింది. ఆ రోజు నుంచి అమల్లోకి వచ్చిన అమెరికా అధ్యక్షుడి ప్రకటన ప్రకారం కొత్త హెచ్-1బీ పిటిషన్లకు లక్ష డాలర్ల ఫీజు. అక్టోబరు 20న ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ ఇచ్చిన వివరణలో మనవాళ్లకు ఊరట ఉంది. అమెరికాలోనే ఉండి స్టేటస్ మార్పు కోరి, అది మంజూరైతే ఈ ఫీజు లేదు. తర్వాత అదే పిటిషన్ మీద ఇండియా వెళ్లి స్టాంపింగ్ చేయించుకున్నా లేదు. కానీ నిర్ణయం రాకముందే దేశం దాటి ఆ మార్పు పోగొట్టుకుంటే, ఫీజు వర్తిస్తుంది. ఏ కంపెనీ కడుతుంది చెప్పండి! అందుకే పెండింగ్‌లో ఉన్నప్పుడు కదలొద్దని గట్టిగా చెప్తాను. అప్రూవ్ అయ్యాక, హెచ్-1 మొదలయ్యే అక్టోబరు 1 రాకముందు ఎఫ్-1 వీసా మీద వెళ్లి వచ్చేద్దాం అనుకునేవాళ్లు కూడా లాయరు ఒప్పుకునేదాకా టికెట్ కొనొద్దు. ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే అది వేరే సంగతి. అప్పుడు వెళ్లాల్సిందే, ఉద్యోగం సంగతి తర్వాత చూసుకోవచ్చు. వెళ్లే ముందు లాయరుకు ఒక్క ఫోన్ మాత్రం చేయండి.

హెచ్-4 అనే డిపెండెంట్ స్టేటస్ నుంచి హెచ్-1కి మారిన చెల్లెళ్లకు ఇంకో చిక్కుంది. మాకు తెలిసిన ఒకమ్మాయి అక్టోబరులో ఉద్యోగంలో చేరి, సంక్రాంతికి వెళ్లింది. పాస్‌పోర్టులో హెచ్-4 స్టాంపు ఇంకా రెండేళ్లు చెల్లుతుంది కదా, మళ్లీ ఇంటర్వ్యూ ఎందుకని దాని మీదే తిరిగి వచ్చింది. లోపలికైతే రానిచ్చారు, కానీ ఐ-94 మీద హెచ్-4 అని వేశారు. ఏ వీసా మీద అడుగుపెడితే ఆ స్టేటస్సే మరి! సోమవారం ఆఫీసుకు లాగిన్ అయితే అది అనుమతి లేని పని. పేరోల్ ఆగింది, లాయరు మళ్లీ ఫైల్ చేయాల్సి వచ్చింది. హెచ్-1 మీద పని చేయాలంటే హెచ్-1 మీదే రావాలి.

"డ్రాప్‌బాక్స్ ఉంటుందిగా అన్నా?" అని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. 2025 సెప్టెంబరు 2 నుంచి హెచ్-1బీకి ఇంటర్వ్యూ లేకుండా కాగితాలు మాత్రం ఇచ్చి వచ్చే ఆ దారి మూసేశారు, ఇంటర్వ్యూకి మనిషి వెళ్లాల్సిందే. అదే నెల 6న, సొంత దేశంలోనో నివాసం ఉన్న దేశంలోనో అప్లై చేయాలని చెప్పడంతో, మెక్సికో వెళ్లి స్టాంపు వేయించుకుని నాలుగు రోజుల్లో వచ్చే రోజులు కూడా పోయాయి. 2024 మొదట్లో అమెరికాలోనే వీసా రెన్యువల్ చేసిన పైలట్ ఒకటి నడిచింది, కానీ అది అప్పటికే హెచ్-1బీ స్టాంపు ఉన్నవాళ్లకు. స్టూడెంట్ వీసా మాత్రమే ఉన్నవాళ్లకు అది వర్తించలేదు. అంటే మనకు మిగిలింది హైదరాబాద్, చెన్నై, ముంబై, ఢిల్లీ, కోల్‌కతా.

2025 డిసెంబరులో జరిగింది గుర్తు పెట్టుకోండి. హెచ్-1, హెచ్-4 వాళ్ల సోషల్ మీడియా పరిశీలన డిసెంబరు 15 నుంచి మొదలైంది. అప్పటికే సెలవు పెట్టుకుని, బట్టలు కొనుక్కుని ఇండియాలో దిగినవాళ్లకు "మీ అపాయింట్‌మెంట్ మారింది" అని మెయిళ్లు వచ్చాయి. చాలామందికి మార్చికి, కొందరికి ఇంకా తర్వాతికి. పాత తేదీకి వస్తే లోపలికి రానివ్వబోమని ఎంబసీ బహిరంగంగానే చెప్పింది. మూడు వారాల సెలవు మీద వెళ్లినవాళ్లు నెలల తరబడి అత్తగారింట్లో కూర్చున్నారు. ఇక్కడ అపార్ట్‌మెంట్ అద్దె, కారు లోను, పిల్లల స్కూలు.

కాబట్టి ఇప్పుడు వెళ్లేవాళ్లు మేనేజర్‌తో మాట నోటితో కాకుండా మెయిల్‌లో ఉంచుకోండి. ఆలస్యమైతే ఇండియా నుంచి పని చేయనిస్తారా? ఎన్నాళ్లు? క్లయింట్ లాప్‌టాప్ దేశం దాటించొచ్చా? బ్యాంకులు, ఆసుపత్రుల ప్రాజెక్టుల్లో చాలాచోట్ల దాటించకూడదు. ఇంటి తాళం ఒకటి నమ్మకమైనవాళ్ల దగ్గర ఉంచండి. ఏ పనీ లేకుండా, అమ్మ చేతి వంట తిందామని వెళ్లేవాళ్లయితే ఇంకో ఏడాది ఆగండి, అమ్మనే ఇక్కడికి పిలిపించుకోండి.

ఈ గోల లేకుండా బయటికి వెళ్లొచ్చే సందు ఒకటుంది. కెనడాకో మెక్సికోకో వెళ్లి 30 రోజుల్లోపు వచ్చేస్తే, ఎక్స్‌పైర్ అయిన వీసా, అది ఎఫ్-1ది అయినా సరే, చెల్లుబాటయ్యే హెచ్-1 ఐ-94తో కలిపి చూపించి రావచ్చు. దీన్ని ఆటోమేటిక్ రీవాలిడేషన్ అంటారు. అక్కడ ఉండగా కొత్త వీసాకు మాత్రం అప్లై చేయకూడదు. నయాగరా అవతలి వైపు నుంచి చూడాలన్న కోరిక తీర్చుకోవచ్చు, కాకపోతే కెనడా వీసా ముందే తీసుకోవాలి.

ఇంటర్వ్యూ గురించి నాన్నలకు ఒక మాట. ఎఫ్-1కి వెళ్లినప్పుడు పొలం విలువ కట్టించి, సీఏ రిపోర్టు చేయించి, బ్యాంకులో డబ్బు చూపించిన అలవాటు కొద్దీ ఇప్పుడూ ఫైలు సిద్ధం చేస్తుంటారు. అవేమీ అక్కర్లేదు. తిరిగి ఇండియాకు వచ్చేస్తామని నిరూపించుకోవాల్సిన భారం హెచ్-1 వాళ్ల మీద లేదు. గ్రీన్‌కార్డుకు అప్లై చేసినా తప్పు కాదు. కావాల్సింది ఐ-797, ఎల్‌సీఏ (మీ జీతం, పని చేసే చోటు చూపించి కంపెనీ లేబర్ శాఖ నుంచి తెచ్చుకునే కాగితం), పిటిషన్ కాపీ, జీతం స్లిప్పులు, డబ్ల్యూ-2లు (ఏడాది జీతం, టాక్స్ చూపే ఫారాలు), డిగ్రీలు, క్లయింట్ లెటరు. స్టూడెంట్‌గా ఉన్నప్పుడు కాలేజీ ఇచ్చిన ఐ-20లు అన్నీ, ఓపీటీ (చదువయ్యాక పని చేసుకునే అనుమతి) కార్డులు కూడా. చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లి ప్రదక్షిణలు చేయడం మీ ఇష్టం, నేనూ చేశాను. ముందు ఫైల్లో ఎల్‌సీఏ ఉందో లేదో చూసుకోండి.

నానక్‌రామ్‌గూడలోని హైదరాబాద్ కౌన్సులేట్‌లో కిటికీ దగ్గర అడిగేవి మామూలు ప్రశ్నలే. ఏ కంపెనీ, ఏం పని, జీతమెంత, ఎక్కడ కూర్చుని చేస్తారు, అంతకుముందు ఏం చేశారు. చిక్కంతా ఆ చివరి ప్రశ్నలో ఉంది. ఓపీటీలో ఉండగా ఉద్యోగం లేకుండా ఉండనిచ్చే రోజులు దాటిపోతున్నాయని కన్సల్టెన్సీ పేరు పెట్టుకుని, నిజానికి గ్యాస్ స్టేషన్‌లో చేసినవాళ్లు, రెండో మాస్టర్స్‌లో మొదటిరోజు నుంచే సీపీటీ (చదువుతూనే పని చేసుకునే అనుమతి) తీసుకుని కాలేజీ మొహం చూడనివాళ్లు, రెజ్యూమేలో ఎనిమిదేళ్ల అనుభవం రాయించుకున్నవాళ్లు. అమెరికాలో ఉన్నన్నాళ్లూ ఇది బయటపడకపోవచ్చు. కౌన్సులేట్‌లో మాత్రం వీసా అప్లికేషన్ ఫారం డీఎస్-160, పిటిషన్, మీ లింక్డ్ఇన్ పక్కపక్కన పెట్టి చూసే అవకాశం ఉంది. పిటిషన్‌లో రెండేళ్ల అనుభవం, లింక్డ్ఇన్‌లో తొమ్మిదేళ్లు ఉంటే ఏ సమాధానమూ నిలబడదు. గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా పేర్లు డీఎస్-160లో అడుగుతారు. ఉన్నది దాచొద్దు, ప్రొఫైళ్లు పబ్లిక్‌లో పెట్టండి. పాత చరిత్రలో నిజంగా మచ్చ ఉంటే టికెట్ కొనకముందే మీ సొంత డబ్బుతో ఒక లాయరును కలవండి. కంపెనీ లాయరు కంపెనీ మనిషి.

అరెస్టు అయినవాళ్లూ అంతే. తాగి నడిపిన కేసు కావచ్చు, షాపులో చిన్న దొంగతనం కావచ్చు, కోర్టు ఆ కేసు కొట్టేసినా సరే, ఫారంలో "అవును" అనే రాయాలి, కోర్టు తీర్పు కాపీ పట్టుకెళ్లాలి.

ఇంటర్వ్యూలో వీసా వెంటనే ఇవ్వకుండా 221జీ అని చీటీ చేతికిస్తే కాళ్లూ చేతులూ చల్లబడతాయి. ఇంటికెళ్లి వెబ్‌సైట్ తెరిస్తే "రిఫ్యూజ్డ్" అని కనిపిస్తుంది, ఇంట్లో ఏడుపులు మొదలు. కంగారు పడకండి. అదనపు కాగితాలు కావాలన్నా, ఇంకా పరిశీలించాలన్నా అక్కడ అదే మాట చూపిస్తారు. చీటీలో ఏం అడిగారో చదివి, వాళ్లు చెప్పిన పద్ధతిలోనే పంపండి. కొందరికి వారంలో వస్తుంది, కొందరికి నెలలు పడుతుంది. రోజుకు పదిసార్లు స్టేటస్ చూసినా అది ముందుకు జరగదు.

వీసా చేతికొచ్చాక పేరు, పుట్టిన తేదీ, కంపెనీ పేరు సరిచూసుకోండి. రేపు కంపెనీ మారినా ఆ స్టాంపు తేదీ ఉన్నంతవరకు కొత్త ఐ-797తో కలిపి పనికొస్తుంది, మళ్లీ స్టాంపింగ్ అక్కర్లేదు. అబుదాబి మీదుగా వస్తే ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది, కనెక్షన్‌కు టైం చూసుకోండి. ఇంటికి చేరిన రాత్రే సరిహద్దు తనిఖీ శాఖ సీబీపీ వెబ్‌సైట్‌లో ఐ-94 తీసి చూడండి. పాస్‌పోర్టు ముందే ఎక్స్‌పైర్ అయ్యేలా ఉంటే, ఐ-797లో మూడేళ్లున్నా ఐ-94 ఆ పాస్‌పోర్టు తేదీ దాకానే ఇస్తుంటారు. తేదీల్లో తేడా కనిపిస్తే ఆ వారంలోనే లాయరుకు పంపండి, పాస్‌పోర్టు రెన్యువల్‌కు పెట్టేయండి.