రేటెంతో రాయలేదే!

కందుకూరు

అమ్మణ్ణీ,

చూసి చెప్పమని నువ్వు పంపిన ఆరు వ్యాసాల కవరు వచ్చి పదిరోజులైంది. 'స్థానిక రాజకీయాలు – నా ఆలోచనలు', 'సాంకేతికత – మనిషి', 'మారుతున్న కుటుంబ వ్యవస్థ' అన్న పేర్లు చూడగానే ఇంటర్మీడియట్ తెలుగు పరీక్ష గుర్తొచ్చి పక్కన పెట్టేశాను. మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయింది, టీవీ లేదు, చేసే పనీ లేదు. మళ్లీ తీశాను. నాలుగో వ్యాసం సగంలో ఆగిపోయాను.

అందులో ఒకటో తారీఖు పొద్దున్నే పింఛను ఇవ్వడానికి నువ్వు వేలిముద్రల మిషను పట్టుకుని ఆ అవ్వ ఇంటికి పోయావు. నలభై ఏళ్లు పొగాకు గ్రేడింగ్ చేసిన మనిషి. బొటనవేలు పెట్టింది, పడలేదు. చీరకొంగుకు తుడుచుకుని మళ్లీ పెట్టింది, పడలేదు. నాలుగోసారి కూడా పడకపోయేసరికి నీ మొహంలోకి చూసి, "నా ఏలు నాది కాదంటందా మే, నీ మిసను?" అంది.

అది చదివి నేను కాగితం ఒళ్లో పెట్టుకుని కాసేపు వీధిలోకి చూస్తూ కూర్చున్నాను. గ్రేడింగ్ చేసేవాళ్ల చేతులు నేను ఇరవై ఆరేళ్లు చూశాను. ఆకు జిగురు నల్లగా వేళ్లకు అట్టలు కడుతుంది. చింతపండు పెట్టి రుద్దినా ఓ పట్టాన వదలదు. అన్నం కలుపుకుంటే ముద్ద చేదు.

ఆ తర్వాత నువ్వేం చేశావు? "ఈ విధంగా సాంకేతిక విప్లవం మానవీయ విలువలను ప్రశ్నార్థకం చేస్తున్న నేటి తరుణంలో" అని ఎత్తుకుని మూడు పేరాలు లాగించావు. ఆ మూడు పేరాలూ నువ్వు రాయలేదు, నీ ఫోను రాసింది. నా కళ్లద్దాలు పాతవే గానీ ఆ మాత్రం కనపడుతుంది. పోనీలే, తిట్టను. నీ వయసులో నేను కూడా పేపర్లలో సంపాదకీయాల నుంచి 'వర్తమాన సంక్షోభం' లాంటివి ఎత్తుకొచ్చి కథల్లో కుక్కినవాణ్ణే. అప్పట్లో దొంగతనానికి కాస్త కష్టపడాల్సి వచ్చేది.

నాకు ఒళ్లు మండింది ఎక్కడంటే, నువ్వు గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటువి. అడంగల్ కాపీ కోసం వచ్చే రైతు, ఆధార్‌లో ఫోన్ నంబరు మార్చమని వచ్చే ఆవిడ, అమ్మానాన్నల నుంచి రేషన్ కార్డు విడగొట్టమని పెళ్లాన్ని వెంటేసుకుని వచ్చే కొడుకు, అందరూ నీ బల్ల ముందే నిలబడతారు. రాజకీయం, టెక్నాలజీ, కుటుంబం ఒకే క్యూలో వస్తుంటే, వాటిని విడదీసి మూడు వ్యాసాలు చేశావు. కార్డు విడగొట్టమన్న ఆ కుర్రాడి వెనక వాళ్లమ్మ కూడా వచ్చిందా? వస్తే ఎక్కడ నిలబడింది?

ఇక నా పిచ్చి ఒకటుంది, చెబుతాను విను. ఏది రాసినా అందులో 'ఎంత' అన్నదానికి జవాబుండాలి. ఎన్ని రూపాయలు, ఎన్ని కిలోలు, ఎన్నిసార్లు తిరిగారు. నేను పొగాకు కంపెనీలో గుమాస్తాగా చేసినవాణ్ణి కాబట్టి ఇలా అంటున్నానని నా స్నేహితులు ఎగతాళి చేస్తారు. చెయ్యనీ.

నా మొదటి కథ 1987లో రాశాను. మన దగ్గర పొగాకు బోర్డు వేలం మొదలై రెండేళ్లయింది. అంతకు ముందు రైతు కంపెనీవాళ్ల దయ మీద బతికేవాడు. వేలం వచ్చాక బతుకు బాగుపడుతుందని మా నాన్న గట్టిగా నమ్మాడు. ఆ ఏడు వానకు ఆకు దెబ్బతింది. బేళ్లు తీసుకుపోతే కిలో తొమ్మిది రూపాయల నలభై పైసలు పాడారు. ఆకు కాల్చే బ్యారన్‌కు కొన్న కట్టెల అప్పు కూడా తీరలేదు. అదే కథ. కంపెనీ చిత్తు కాగితాల వెనకవైపు రాసి, తిరుగు స్టాంపులు పెట్టి విజయవాడలో ఒక వారపత్రికకు పంపాను. ఎనిమిది నెలలకు వేశారు. చూద్దును కదా, 'పిలకాయలు' అని నేను రాసిన చోటల్లా 'పిల్లలు' అయ్యారు. తొమ్మిది నలభై ఎగిరిపోయి, 'సరైన ధర పలకలేదు' అని అచ్చయింది. సెలవు పెట్టి బస్సెక్కి పోయి అడిగాను. ఎడిటరుగారు తలెత్తకుండానే, "కథలో లెక్కలేంటండీ, ఇదేమన్నా బడ్జెట్టా?" అన్నారు. మజ్జిగ మాత్రం ఇప్పించారు.

నెల తర్వాత టంగుటూరు నుంచి ఒక పోస్టుకార్డు వచ్చింది. ఎవరో రైతు. ముక్కలు ముక్కలు అక్షరాలు. "కథ బాగుంది. రేటెంతో రాయలేదే!" అని రెండే ముక్కలు. ఆ కార్డు ఇప్పటికీ నా నిఘంటువులో 'ర' దగ్గర ఉంది.

అదే ఎడిటరుగారు ఇరవై ఏళ్ల తర్వాత ఒంగోల్లో ఒక సభలో 'కథకు మట్టి వాసన' అని గంటసేపు ఉపన్యసించారు. నేను రెండో వరసలో కూర్చుని చప్పట్లు కొట్టకుండా కాఫీ తాగాను. ఇప్పుడు ఫ్యాషను అటు నుంచి ఇటు తిరిగింది. ప్రతి వాక్యానికీ ఒక 'యాడ', ఒక 'ఏంది' తగిలిస్తే వాసన వచ్చేసినట్టే. నీ రెండో వ్యాసంలో తహశీల్దారు చేత కూడా 'యాడికి పోతాండావ్' అనిపించావు. ఆయనది ఏ ఊరు? బదిలీ మీద ఎక్కణ్ణుంచి వచ్చాడు? అవ్వ మాట కుదిరింది ఎందుకంటే దాన్ని నువ్వు చెవితో విన్నావు గనక.

గవర్నమెంటు ఉద్యోగంలో ఉండి రాజకీయాలు రాస్తే ఇబ్బందేమో అని టెన్షన్ పడుతున్నావు. పార్టీల పేర్లూ నాయకుల పేర్లూ తీసెయ్యి. మా అమ్మ వితంతు పింఛను లెక్క చెబుతాను చూడు. నాన్న పోయాక 200 దగ్గర మొదలైంది. 2014 అక్టోబరులో 1000. 2019 మొదట్లో 2000, అదే ఏడు జులైలో 2250. 2022లో 2500. 2023లో 2750. వీటి పక్కన ఎన్నికలు ఎప్పుడెప్పుడొచ్చాయో వేసుకో. ఎవరి పేరూ ఎత్తక్కర్లేదు. 200 రోజుల్లో అమ్మ వక్కాకుకు కూడా నా దగ్గర చిల్లర అడిగేది, అదీ నా భార్య ఇంట్లో లేనప్పుడు. 1000 అయ్యాక బీపీ మాత్రలు తనే తెప్పించుకుంది. 2000 అయ్యాక మా చిన్న మరదలికి నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పిచ్చింది! మూడు నెలలు వడ్డీ కట్టలేదని ఆ పిల్లతో మాట్లాడ్డం మానేసింది. కుటుంబ వ్యవస్థ మీద నువ్వు పదకొండు పేజీలు రాశావు, అందులో ఒక్క అప్పు లేదు.

అమ్మ 2750 దగ్గర ఆగిపోయింది. 2024 జనవరిలో 3000 అయింది. ఆ జులైలో ఏప్రిల్ నుంచి రావాల్సిన తేడా కలిపి ఒకేసారి 7000 ఇచ్చినప్పుడు, మా వీధి అవ్వలు నోట్లు లెక్కబెట్టుకుంటూ మా అరుగు వైపు చూసి, "మీ అమ్మ ఉంటేనా" అన్నారు.

జిల్లాల వ్యాసం కూడా ఇంతే. 'పాలనా సౌలభ్యం' అన్న మాట ఏడుసార్లు వాడావు, లెక్కపెట్టాను. మా తాత నెల్లూరు జిల్లా కందుకూర్లో పుట్టాడు. 1970లో అది ఒంగోలు జిల్లా అయింది, 1972లో దానికే ప్రకాశం అని పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న మళ్లీ నెల్లూరు అన్నారు. మళ్లీ ప్రకాశంలో కలపాలన్న గొడవ కూడా అప్పుడే మొదలైంది. ఇంత జరిగినా మా ఇల్లు అడుగు కదల్లేదు, పెంకులు మాత్రం రెండుసార్లు మార్చాం. ఒంగోలు కలెక్టరాఫీసుకు పొద్దున పోతే మధ్యాహ్నం అన్నం వేళకు ఇంట్లో ఉండేవాళ్లం. నెల్లూరు దానికి రెండింతల పైమాటే. బస్సు టిక్కెట్టు ఎంత, పోగొట్టుకున్న కూలి ఎంత, అది రాయి.

లెక్క పొడిగా ఉంటుందని అనుకుంటావేమో. 1992లో కంపెనీ పని మీద కలిగిరి వైపు పోయాను. ఆ మండలంలోనే దూబగుంట ఉంది. రాత్రిబడి వాచకంలో సారా మీద పాఠం చదువుకున్న ఆడవాళ్లు తమ ఊళ్లో సారా దుకాణం మూయించారు. అది జిల్లా అంతా అంటుకుంది, 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం దాకా పోయింది. ఆ రోజుల్లో టీ కొట్టు దగ్గర ఒకామెను అడిగాను, ఏమ్మా, మీకింత తెగువ ఎట్టా వచ్చిందీ అని. ఆమె గ్లాసులు కడుగుతూనే చెప్పింది: "మొగుడికి కూలి ఇరవై సామీ. ప్యాకెట్లకు పద్నాలుగు. ఇంటికొచ్చేది ఆరు. ఆ ఆరులో నేనూ, ముగ్గురు పిలకాయలూ. ఎవురు గమ్మునుంటారు?" నేను కలిగిరి దాకా పోయింది బేళ్ల లెక్క చూడ్డానికి. ఆ రోజు లెక్కల్లో రెండు తప్పులు చేసి మేనేజరు చేత తిట్లు తిన్నాను.

కలంపేరు పెట్టుకోవాలా, పుస్తకం ఎవరు వేస్తారు అనీ అడిగావు. అవన్నీ తర్వాత చూద్దాం. చేతిరాత బాగుంది.

ఆరింటిలో అయిదు పక్కన పడెయ్. నాలుగో వ్యాసంలో అవ్వ మాట దాకా ఉంచి, మిగతాది చించేసి మళ్లీ రాసి పంపు. ఇంకో సంగతి. నాలుగుసార్లు వేలు పడలేదన్నావు, అవ్వ అంత మాట అందన్నావు, వెంటనే సాంకేతిక విప్లవంలోకి దూకేశావు. కంటిపాప పెట్టించావా? మళ్లీ వస్తానని తిరిగొచ్చావా? ఆ నెల ఆవిడకు డబ్బులు అందాయా, లేదా? పదిరోజులుగా మా ఆవిడ కూడా అడుగుతోంది. వ్యాసం తీరిగ్గా రాద్దువు గానీ, ముందు అదొక్కటి కార్డు ముక్క మీద రాసి పడెయ్.

నీ మేలు కోరే
పాత గుమాస్తా