ఖరగ్‌పూర్‌లో దొరికిన వాటాదారు

తాతల నాటి ఇల్లు అమ్ముదామంటే వారసుల్లో కొందరి జాడే తెలియడం లేదు, దారేమిటని అడిగారు. "దొరకని వాళ్ల పేర్లు వదిలేద్దాం, వాళ్లొచ్చి అడిగేదుందా" అని దస్తావేజు లేఖరి ఎవరైనా సలహా ఇస్తే మాత్రం దయచేసి తల ఊపకండి. మేము ఊపాము. కొనవచ్చిన వారి వకీలు కుటుంబ సభ్యుల ధ్రువపత్రం చూసిన పది నిమిషాల్లోనే లోటు పట్టుకున్నారు, బేరం పోయింది.

మాది శ్రీకాకుళం వైపు పల్లె. మా ముత్తాతగారు 1961లో వీలునామా రాయకుండానే కాలం చేశారు. ఇల్లు ఆయన స్వార్జితం కనుక 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకులతో పాటు కూతుళ్లకూ సమాన వాటా ఉంది; కట్నంతోనే వాళ్ల లెక్క తీరిపోయిందని మా పెద్దలు ఏళ్ల తరబడి చెప్పుకున్న మాట కోర్టులో చెల్లదు. పెద్ద కూతురిని ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగికిచ్చారన్న సంగతి తప్ప మగవాళ్లెవరికీ ఇంకేమీ గుర్తులేదు. మా చిన్న నానమ్మ మాత్రం ఆ ఇంటికి ఎవరెవరు పురుళ్లకు వచ్చారో, ఏ బిడ్డకు ఏ పేరు పెట్టారో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. వంశవృక్షం గీయాలంటే ముందుగా ఇంట్లోని ముసలి ఆడవాళ్ల దగ్గర కూర్చోవాలని నా గట్టి నమ్మకం.

ఆ పేర్లు పట్టుకుని ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల మధ్య రెండు రోజులు తిరగగా, ఆ పెద్ద కూతురి కూతురు, డెబ్బై దాటిన మా అత్త, దొరికారు. "మా అమ్మ కన్నోరిల్లు ఇంకా ఉందేటి బాబూ?" అన్నారు. పెరట్లో నుయ్యి ఏ మూలన ఉందో నాతో చెప్పించుకున్నాకే కాగితాలు చేతిలోకి తీసుకున్నారు. వాటా ఒక్క రూపాయి తగ్గించుకోలేదు, అది న్యాయమే. ప్రయాణం చేయలేరు గనుక రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ కింద అక్కడి సబ్ రిజిస్ట్రారు ఎదుటే జీపీఏ (తమ తరఫున సంతకాలు చేసే అధికారమిచ్చే పత్రం) రాసిచ్చి, బెంగాలీలో సంతకం చేశారు.

1983లో ఇల్లు విడిచి వెళ్లిన మా చిన్నాన్న ఒకరు మాత్రం దొరకనే లేదు. ఆయనను కూడా ప్రతివాదిగా చేర్చి భాగ పంపకాల దావా వేశాము. కోర్టు అనుమతితో పత్రికలో ప్రకటన ఇచ్చాము. భూతద్దం పెట్టినా కనిపించని ఆ మూల ప్రకటనను చూసి ఎవరైనా కోర్టుకు వస్తారని నేననుకోను, అయినా అది లేకపోతే దావా ముందుకు కదలదు. 7 ఏళ్లుగా కబురు లేని మనిషిని మరణించినట్లు భావించవచ్చు గానీ, ఆ మాట తేల్చవలసింది కోర్టే, తహసీల్దారు కాదు. ఆయన అవివాహితుడు, తల్లిదండ్రులూ లేరు గనుక ఆయన వాటా అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ చేరింది.

ఎవరి వాటా ఎంతో తేల్చే ప్రాథమిక డిక్రీ రాగానే పని అయిపోయిందనుకోకండి. ఆస్తిని విడదీసి పంచే తుది డిక్రీ కూడా తెచ్చుకుని, దానిని స్టాంపు కాగితం మీద రాయించుకోవాలి. ఆ సంగతి తెలియక మేము రెండేళ్లు ఊరికే కూర్చున్నాము.