డబ్బు రాని లక్ష్యం పెట్టుకున్నవాళ్లు తమ విజయాన్ని ఎలా కొలుచుకుంటారు?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ముప్పై ఒక్క ఏళ్లు, హైదరాబాద్‌లో మంచి ఉద్యోగం, మనసు మాత్రం పైసా రాని ఇంకో పని మీద. ఇంట్లోవాళ్లు అది పనే కాదంటున్నారు, తోటివాళ్లు ప్లాట్లు కొనేస్తున్నారు, "నేను వెనకబడిపోయానా?" అని అడిగారు. నా చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. ఉద్యోగాల గురించి మీకు చెప్పేంత తెలిసినవాణ్ని కాదు. కానీ డబ్బు రాని పని ఒకటి పదహారేళ్లుగా వదలకుండా చేస్తున్నాను. అందులో నాకు తెలిసింది చెప్తాను.

మాకు కడియం దగ్గర ఎకరంన్నర నర్సరీ ఉంది. కౌలు భూమి. గులాబీలు, మందారాలు, క్రోటన్లు మాకు అన్నం పెడతాయి. ఓ మూల పదిహేను సెంట్లలో మామిడి మొక్కలుంటాయి, అవి అమ్మకానికి కాదు. కోనసీమలో, రామచంద్రపురం, మండపేట వైపు పెరళ్లలో ఉన్న ముసలి మామిడి చెట్ల పిల్లలు అవి. కొత్తపల్లి కొబ్బరి, చెరుకు రసం లాంటి పేరున్న రకాలకి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది, వాటిని కాపాడేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను వెతికేది ఎవరో తిని పారేసిన టెంక మొలిచి, ఆ ఇంటికి తప్ప ఎవరికీ తెలియకుండా పెరిగిన చెట్టుని. "బావి చెట్టు", "పంచదార చెట్టు", "దొడ్లో పుల్లది" అని ఆ ఇంటివాళ్లు పిలుచుకుంటారు. అలాంటిది మళ్లీ ఎక్కడా ఉండదు. దాని టెంక పాతితే అదే కాయ వస్తుందన్న నమ్మకం లేదు, ఆ చెట్టు పుల్ల కోసి ఇంకో మొక్కకి అతికి అంటు కడితేనే వస్తుంది. చెట్టు కొట్టేశారా, ఆ రుచి అక్కడితో సరి.

నాకు 50 ఏళ్లు వచ్చేలోపు అలాంటి 100 చెట్లకి అంట్లు కట్టి బతికించాలి. ఇదీ నా లక్ష్యం. ఇప్పుడు నాకు 44. లెక్క 63 దగ్గర ఉంది.

ఇది ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పాలి. మా సొంతూరు ముమ్మిడివరం వైపు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చినప్పుడు నేను టెన్త్ చదువుతున్నాను. తెల్లారి చూస్తే కొబ్బరి తోటలు తోటలే నేలకొరిగి ఉన్నాయి. మా తాతయ్య మామిడి చెట్టు వేళ్లతో సహా లేచి గొడ్ల చావిడి మీద పడింది. నాలుగైదు రోజులు దాని ఆకులు పచ్చగానే ఉన్నాయి. నాకు బాగా గుర్తు, పడిపోయిన కొమ్మల మీద కూర్చుని, బియ్యం కోసం వెళ్లిన నాన్న ఎప్పుడొస్తాడా అని చూసేవాణ్ని. తర్వాత రంపం పెట్టి కోశారు. ఆ ఏడాదంతా పొయ్యిలోకి అదే.

1999లో ఇంటర్ అయ్యాక మా మేనమామ పనిచేసే నర్సరీలో చేరాను. అంటు కట్టడం నేర్పింది ఆయనే. చెట్టు నుంచి కోసిన పుల్లని తడిగుడ్డలో చుట్టి ఉంచితే రెండు మూడు రోజుల తర్వాత కట్టినా అతుకుతుందని ఓ రోజు చెప్పాడు. కత్తి చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను. మా చెట్టు అన్ని రోజులు కళ్ల ముందే పచ్చగా ఉంది. ఇంట్లో ఒక్కరికి ఈ పని తెలిసినా చాలు, ఒక్క పుల్ల కోసినా చాలు.

అందుకే, "నచ్చిన పని" అన్న మాట నాకు అంతగా ఆనదు. నచ్చినవి ఏడాదికోసారి మారిపోతుంటాయి. నా కళ్ల ముందు పోతుంటే ఓర్చుకోలేనిది ఒకటుంది, దాని చుట్టూనే నా లక్ష్యం పెరిగింది. మీ పని ఏమిటో మీరు రాయలేదు. అది ఎప్పటికీ చెయ్యకపోతే మీకెలా ఉంటుందో ఒకసారి ఊహించుకుని చూడండి.

ఇక వెనకబడటం సంగతి. మా డెల్టాలో మనిషిని కొలిచేది ఎకరాలతో. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక నీళ్లొచ్చాయి, భూమికి విలువొచ్చింది, పెళ్లి సంబంధంలో మొదటి మాట "ఎన్ని ఎకరాలండీ" అయింది. తర్వాత రొయ్యల చెరువులు కొలతయ్యాయి. ఇప్పుడు పిల్లలు ఏ దేశంలో ఉన్నారో అడుగుతున్నారు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు గుర్తుందా? ధాన్యానికి ధర లేక, కూలీ ఖర్చులు పెరిగి, కాలవ పక్కన పొలాలు బీడు పెట్టేశారు. పది ఎకరాల ఆసామి కూడా ఆ ఏడు టీ కొట్టు దగ్గర తల వంచుకుని కూర్చోవడం చూశాను. ఆ పెద్దమనిషి చేసిన తప్పేమీ లేదు. ఆయన విలువంతా ఎకరాల్లో పెట్టుకున్నాడు, ఆ ఎకరాల విలువ ఇంకెవరి చేతిలోనో ఉంది.

నేను 2009లో ఈ పని మొదలుపెట్టినప్పుడు ఏ లెక్కా లేదు. దొరికిన చెట్టుకల్లా అంటు కట్టడం, సంతోషపడటం. అది సరిపోదని 2014లో తెలిసింది. రామచంద్రపురం దగ్గర ఒక ఇంట్లో అద్భుతమైన కాయ దొరికింది, పీచు లేదు, వారం నిలవ ఉంటుంది. ఒక వ్యాపారి రుచి చూసి మూడు వేల అంట్లు కావాలన్నాడు, అడ్వాన్స్ ఇచ్చాడు. ఆ వానాకాలమంతా రాత్రీ పగలూ ఆ ఒక్క చెట్టు పనే. డబ్బు వచ్చింది, ఇంటి మీద గది వేశాం, చుట్టాలందరూ మెచ్చుకున్నారు. ఆ మూడు నెలల్లోనే నేను చూసి పెట్టుకున్న మూడు చెట్లు పోయాయి. ఒకటి రోడ్డు వెడల్పులో, ఒకటి కొత్త ఇంటి కోసం, ఒకటి చెరువు తవ్వకంలో. ఒక్కదాని పుల్ల కూడా నా దగ్గర లేదు. గది వేసినందుకు బాధ లేదు, మా అమ్మాయి అందులోనే చదువుకుంటోంది. కానీ ఊరంతా మెచ్చుకున్న ఆ ఏడాదే నా లెక్కలో నేను ఓడిపోయాను.

అప్పుడు నియమం పెట్టుకున్నాను. ఒక చెట్టు లెక్కలోకి రావాలంటే దాని అంట్లు కనీసం రెండు, వేర్వేరు చోట్ల, రెండు వానాకాలాలు దాటి బతికుండాలి. అంతవరకు సున్నా. మన కొలత మన చేతిలోనే ఉన్నప్పుడు దాన్ని వదులు చేసుకోవడం చాలా తేలిక. "ప్రయత్నించాను కదా" అని రాసేసుకోవచ్చు, అడిగేవాళ్లుండరు. ఇది మీకు ప్రత్యేకంగా చెప్తున్నాను. సొంత కొలత లోకం కొలత కంటే గట్టిగా ఉండాలి, లేకపోతే బంధువుల ఒక్క మాటకి కూలిపోతుంది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. గోదారి మధ్య లంక ఊళ్లలో నేను ఇచ్చిన మొక్కలు రోజుల తరబడి నీళ్లలో ఉండి కుళ్లిపోయాయి. 52 ఉన్న లెక్క 46కి పడిపోయింది. ఆ రాత్రి నోట్‌బుక్‌లో కొట్టేసి 46 రాసినప్పుడు చాలా కష్టమనిపించింది. కానీ అది నిజమైన లెక్క అన్న నమ్మకం కూడా అప్పుడే వచ్చింది.

పని ఎలా ఉంటుందో కొంచెం చెప్పనివ్వండి, నా సంతోషమంతా అందులోనే ఉంది. ముందు ఒకసారి వెళ్లి చెట్టు చూస్తాను. మూడు నాలుగు నెలల వయసున్న, పెన్సిల్ లావు పుల్లలు ఎంచుకుని, ఆకులు కోసేసి తొడిమలు మాత్రం ఉంచి వచ్చేస్తాను. వారం పది రోజులకి తొడిమలు వాటంతటవే రాలతాయి, కొస మొగ్గ ఉబ్బుతుంది. అప్పుడు మళ్లీ వెళ్లి పుల్లలు కోసి, తడిగుడ్డలో చుట్టి, పైన అరటి దొప్ప కట్టి తెచ్చుకుంటాను. ఇక్కడ టెంక మొక్కలు కవర్లలో సిద్ధంగా ఉంటాయి. మొక్క తల కోసి, కాండాన్ని మధ్యకి నిలువునా చీల్చి, పుల్ల అడుగుని రెండు వైపులా చెక్కి ఆ చీలికలో దింపాలి. చెక్కేటప్పుడు కత్తి ఒక్క ఊపున నడవాలి. మళ్లీ గీస్తే ఎగుడుదిగుడైపోతుంది, సందులో గాలి దూరుతుంది. బెరడు కింద పచ్చటి పలచని పొర ఉంటుంది, ఉల్లిపొర కంటే కాస్త ఎక్కువ అంతే. మొక్కలో పొరకి పుల్లలో పొర కనీసం ఒక పక్కయినా తగలాలి. తగిలితే బతుకుతుంది. పైన కవరు పట్టీ బిగించి చుట్టి, పుల్లకి సన్నటి తొడుగు వేసి నీడలో పెడతాను. చేతులకి సొన అంటి నల్లబడతాయి, సబ్బుకి పోదు. మూడు నాలుగు వారాలకి ఒక పొద్దున్న ఆ తొడుగు లోపల రాగి రంగు చిగురు కనిపిస్తుంది. ఇన్నేళ్లయినా అది చూస్తే నాకు కాళ్లు నేల మీద ఆగవు.

కొత్తపేట దగ్గర ఒక మామ్మగారి సంగతి చెప్తాను. ఇల్లు అన్నదమ్ములు పంచుకుంటున్నారు, గోడ సరిగ్గా చెట్టు మీదుగా వస్తోంది. గురువారం కొట్టేస్తారని తెలిసి మంగళవారం వెళ్లాను. ఆకులు కోసి ఆగే వ్యవధి లేదు, ఉన్న పుల్లలే తెచ్చి నలభై అంట్లు కట్టాను. మూడు చిగురించాయి, చివరికి ఒక్కటి నిలబడింది. మరుసటి ఏడు దాని పుల్లతోనే ఇంకొకటి కట్టి వేరే ఊళ్లో వేశాను. 2018లో కాయలొస్తే నాలుగు పళ్లు పట్టుకుని కాకినాడలో కూతురింట్లో ఉన్న మామ్మగారి దగ్గరికి వెళ్లాను. ఆవిడ చూపు తగ్గిపోయింది. పండు చేత్తో తడిమి, తొడిమ దగ్గర వాసన చూసి, మెల్లగా పిసికి రసం పీల్చారు. చాలాసేపు ఏమీ అనలేదు. "మీ తాతగారున్నప్పుడు ఇంకాస్త తియ్యగా ఉండేదిరా నాన్నా. కానీ ఇది అదే" అన్నారు. టెంక కడిగి కిటికీలో పెట్టమని కూతురికిచ్చారు. నాకు ఎవరైనా సన్మానం చేసినా అంత ఆనందం ఉండదు.

డబ్బు గురించి దాచకుండా చెప్పాలి. మా ఆవిడ సాయం లేకపోతే ఇదేమీ లేదు. మొదట్లో గొడవలయ్యాయి. ఆమె తప్పేం లేదు, నేను ఆదివారం బండేసుకుని పోతే గిరాకీ ఆమె ఒక్కతే చూసుకునేది. ఒక రోజు కూర్చుని మాట్లాడుకున్నాం. "మీ చెట్లు మీవి. పిల్ల ఫీజు, కౌలు, చీటీ, ఈ మూడూ ముందు" అంది. ఏడాదికి ఇరవై వేలు, ఆదివారాలు, ఆ పదిహేను సెంట్లు నావి. అంతకు మించి ఒక్క రూపాయి, ఒక్క సెంటు తీసుకోను. ఆ గీత గీసుకున్నాకే పని నిమ్మళంగా సాగింది. ఇంట్లోవాళ్లకి మన లక్ష్యం అర్థం కాకపోవచ్చు, హద్దు మాత్రం అర్థమవుతుంది.

అందుకే మిమ్మల్ని ఉద్యోగం మానేయమని చెప్పను. నా గులాబీలు నా మామిడిని పోషిస్తున్నట్టు మీ జీతం మీ పనిని పోషించనివ్వండి. వారంలో ఎన్ని గంటలు, నెలకి ఎంత డబ్బు, ఏది పూర్తయితే పూర్తయినట్టు, ఇవి కాగితం మీద పెట్టండి. ఇంకో కాగితం మీద, ఈ దారిలో మీకు ఎప్పటికీ రానివి రాయండి. ఇది ఎవరూ రాయరు, కానీ నాకు అసలైన సాయం చేసింది ఇదే. నా కాగితంలో రాసుకున్నవి సొంత భూమి, కారు, పిల్ల పెళ్లి ఘనంగా చెయ్యడం, ఇలాంటివి. ఒక్కో గీత దగ్గర ఆగి, "ఇది లేకుండా బతకగలనా?" అని అడిగి టిక్కు పెట్టాను. రెండు చోట్ల పెట్టలేకపోయాను: అమ్మాయి చదువు, అమ్మ వైద్యం. ఆ రెండింటికీ విడిగా డబ్బు కడుతున్నాను.

మా పెద్ద బావగారు నాతో పాటే మొదలుపెట్టి ఇప్పుడు పాతిక ఎకరాల్లో నర్సరీ చేస్తున్నారు. కష్టపడ్డారు, మనసున్న మనిషి. పెళ్లిళ్లలో కలిస్తే "ఏరా, ఇంకా ఆ ఎకరంన్నరేనా?" అంటారు. ఒకప్పుడు ఆ మాటకి రెండు రోజులు అన్నం సయించేది కాదు. ఇప్పటికీ కొంచెం గుచ్చుకుంటుంది, గుచ్చుకోదని చెప్తే అబద్ధం. "అవును బావగారూ, అదే" అంటాను. వివరించడం మానేశాను. ఆయన అడిగింది ఆయన కొలత ప్రకారం, దానికి జవాబు అదే కదా.

ఆరేళ్లలో ఇంకో 37 చెట్లు అవుతాయా అంటే, అనుమానమే. ఈ మధ్య ఏటా ఐదారు మించడం లేదు, ముసలి చెట్లే తగ్గిపోతున్నాయి. అయినా సంఖ్య మార్చలేదు.

ఎనిమిది రోజుల కిందట అయినవిల్లి దగ్గర ఒక పెరట్లో ఆకులు కోసి వచ్చాను. తొడిమలు రాలాయని ఆ ఇంటి కుర్రాడు ఈ సాయంత్రం ఫోటో పంపాడు. గోదారికి ఎర్రనీరు వచ్చింది, కోటిపల్లి రేవులో ఏరు దాటించే పంటు పడవ ఆపేశారట, రావులపాలెం మీదుగా చుట్టు తిరిగి వెళ్లాలి. తెల్లారకముందే బయల్దేరతాను. ఎండెక్కితే పుల్లలు వాడిపోతాయి.