ముందు ఆ ఫ్లెక్సీ ఆపించవే కోడలా

అమ్మాయ్,

రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. పలకరింపులు రెండు ముక్కల్లో తేల్చేసి ఇక మిగతాదంతా నీ పురాణమే. గోదారి లంకలో స్కూలుకి నిన్ను ఎచ్‌ఎంగా వేశారంట, సంక్రాంతి సెలవులు అవ్వగానే పేరెంట్స్ అందర్నీ పిలిచి మా బడిలో ఎవరూ ఎవర్నీ ఏడిపించకూడదు, పేర్లు పెట్టకూడదు, కొట్టకూడదు అని ప్రతిజ్ఞ చేయిస్తావంట, గేటుకి ఫ్లెక్సీ, వరండాలో కంప్లైంట్ బాక్సు, వాట్సాప్ గ్రూపు, అన్నీ రెడీ అంట. మా తమ్ముడు ఇంత మురిసిపోవడం నీకు డీఎస్సీ వచ్చిన రోజు తర్వాత మళ్ళీ ఇదే. నాకూ గర్వంగానే ఉంది, లేదని ఎందుకంటా. కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదే. అందుకే పొద్దున్నే కూర్చుని ఇది టైపు చేస్తున్నా, అచ్చుతప్పులు నువ్వే దిద్దుకో, టీచరువే కదా.

నీకు తెలిసినవి మళ్ళీ చెప్పను. పిల్లలకి చెప్పు, స్టాఫ్‌కి చెప్పు, తేదీ వేసి రాసి పెట్టుకో, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడ మీద పిల్లల కళ్ళకి అందే ఎత్తులో రాయించు. అయిపోయింది.

ఇప్పుడు అసలుది. ప్రైమరీ స్కూల్లో పిల్లలకి పేర్లు పెట్టేది ముందు మన టీచర్లమే. బండోడా, నల్లపిల్లా, మొద్దూ అని ముద్దుగా అన్నాననుకుంటావు, మధ్యాహ్నం బెల్లుకల్లా అది క్లాసంతా పాకిపోతుంది. ఇంకొకటుంది, ఫారాలు నింపేటప్పుడు 'ఎస్సీ పిల్లలు లేవండమ్మా, బీసీలు లేవండి' అని లేపడం. ఇది నేను కళ్ళారా చూశాను, మంచి మంచి మాస్టార్లే చేసేవారు, పని తొందరగా అవుతుందని. ఆ వివరాలన్నీ అడ్మిషన్ రిజిస్టర్లో ఉంటాయి, తీసి చూసుకో, పిల్లని లేపకు. నీ దగ్గర పనిచేసే ఎస్‌జీటీ టీచరుకి కూడా చెప్పు, కానీ స్టాఫ్ ముందు కాదు, పక్కకి పిలిచి చెప్పు.

పేరెంట్స్ వచ్చి 'కళ్ళు రెండూ వదిలేసి ఎక్కడన్నా కొట్టండి మేడం, మేం ఏం అనం' అంటారు చూడు, దానికి నవ్వేసి ఊరుకోకు. వాళ్ళు ఇంట్లో అదే చేస్తున్నారని అర్థం. 2009 విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షను కొట్టడాన్నే కాదు, మనసు నొప్పించి వేధించడాన్ని కూడా నిషేధించింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అయినా సెక్షన్లు చెప్తే వాళ్ళకి ఎక్కదు. 'నేను కొడితే వాడు రేపు చిన్నోణ్ణి కొడతాడమ్మా, మీ చిన్నోడు కూడా ఇక్కడే కదా చదువుతున్నాడు' అను. ఎక్కుతుంది.

నాకెందుకింత భయమో చెప్తాను విను, ఇది కాస్త పెద్దదే, తర్వాత చదువుదాంలే అని పక్కన పెట్టేయకు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో వశిష్ఠ గోదారి అవతల ఒక ఊళ్ళో పనిచేశాను, ఊరి పేరు వద్దులే. అక్కడ నాలుగో తరగతిలో ఒక పిల్లాడికి నత్తి. వాళ్ళ నాన్న కొబ్బరి దింపు చేసేవాడు. అదే క్లాసులో ఇంకో పిల్లాడు, తోట కామందు కొడుకు, వీడూ ఇంకో ముగ్గురూ కలిసి రోజూ సాయంత్రం ఆ నత్తి పిల్లాణ్ణి కాలవ గట్టు మీద ఆపి పాఠం అప్పజెప్పమనేవారు, మాట దగ్గర ఆగిపోతే పగలబడి నవ్వేవారు, పూర్తిచేస్తే గానీ బ్యాగు ఇచ్చేవారు కాదు. మా ఎచ్‌ఎం మాస్టారికి ఇది తెలిసింది. చాలా మంచి మనిషి, పిల్లలంటే ప్రాణం, అందుకే కోపం ఆగలేదు. మర్నాడే రెండు వైపుల తండ్రులకీ కబురు పెట్టాడు, అందరి ముందూ తేల్చేద్దాం, ఇంకెవరూ ఇలా చెయ్యకుండా బుద్ధొస్తుంది అని.

ఇద్దరూ వచ్చారు. ఆఫీసు రూములో ఉన్న ఒక్క కుర్చీ తెచ్చి వరండాలో వేశారు, అందులో ఎవరు కూర్చున్నారో నీకు చెప్పక్కర్లేదు. దింపు చేసే ఆయన భుజం మీద తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని స్తంభం పక్కన నిలబడ్డాడు. మాస్టారు ఆ నత్తి పిల్లాణ్ణి ముందుకి పిలిచి, భయపడకు నాన్నా, ఏం జరిగిందో నువ్వే చెప్పు అన్నాడు. ధైర్యం చెప్తున్నాననే అనుకున్నాడు పాపం. ఆ పిల్లాడు నోరు తెరిచాడు, మాట రాలేదు, మళ్ళీ తెరిచాడు, రాలేదు, వెనక వరసలో ఎవడో కిసుక్కుమన్నాడు. అంతే, తండ్రి ఒక్క అడుగు ముందుకేసి 'మావోడిదే తప్పయ్యుంటదండీ, ఒగ్గేయండి' అని చేతులు జోడించి, కొడుకు వీపు మీద ఒక్కటిచ్చాడు. ఎందుకంటే ఆ కామందు దగ్గర ఆయనకి అప్పుంది, రేపు పని కూడా ఆ తోటలోనే, ఈ సంగతి వరండాలో నిలబడ్డ పిల్లలందరికీ తెలుసు, మాస్టారికి తప్ప. ఆయన బయటూరి మనిషి. చివరికి ఇద్దరు పిల్లల చేతులూ కలిపించి, పుస్తకంలో రాజీ అని రాసి పంపించేశాడు.

మర్నాటి నుంచి నత్తి గురించి ఎగతాళి మానేశారు. మీ నాన్న దణ్ణం పెట్టాడుగా అని మొదలుపెట్టారు. కొన్నాళ్ళకి ఆ పిల్లాడు రావడం మానేశాడు, మాస్టారు ఇంటికెళ్తే 'అమ్మమ్మ గారింటికి పంపేశామండి, అక్కడ బాతులు కాస్తన్నాడు' అన్నారు. మాస్టారు ఆ తర్వాత ఒకటికి రెండుసార్లు ఆ ఊరు కూడా వెళ్ళొచ్చాడు, తీసుకురాలేకపోయాడు. రెండోవాడు ఇప్పుడు పెద్ద రొయ్యల రైతు, పెళ్ళిళ్ళలో కనిపిస్తే వంగి కాళ్ళకి దణ్ణం పెడతాడు, నలుగురికీ సాయం చేస్తాడని చెప్తారు. అప్పుడు మాత్రం వాణ్ణి కూర్చోబెట్టి ఎందుకు చేస్తున్నావురా అని అడిగిన మనిషి ఒక్కరూ లేరు, మాస్టారుతో సహా. వాడి దృష్టిలో వాడు గెలిచాడు, వాళ్ళ నాన్న కుర్చీలో కూర్చున్నాడు, అవతలి నాన్న దణ్ణం పెట్టాడు, ఇంకేం కావాలి.

అందుకే చెప్తున్నా, పిల్లల తగువు పెద్దల తగువు అయిందంటే ఇక అది నీ చేతిలో ఉండదు. మన ఊళ్ళ సంగతి తెలిసిందే కదే, ఏ వీధి ఎవరిదో, ఎవరు ఎవరి చేలో పనికెళ్తారో, ఎవరు ఎవరికి బాకీ ఉన్నారో పిల్లలకి పలక పట్టకముందే తెలుసు. ఇద్దరు తండ్రుల్ని ఎదురుబొదురు నిలబెట్టావా, పిల్లలు మాయమైపోయి పేట, వీధి మిగుల్తాయి. దెబ్బలు తిన్న పిల్లాడి ఇంటికి ముందు నువ్వు ఒక్కదానివే వెళ్ళు, సాయంత్రం పూట, ఊరికే వచ్చినట్టు. ఏడిపించిన పిల్లాడి ఇంటికి ఇంకో రోజు వెళ్ళు, వెళ్ళగానే కంప్లైంట్ చెప్పకు, వాడు బాగా చేసేది ఒక్కటన్నా ముందు చెప్పు, లెక్కలో, బొమ్మలో, కబడ్డీయో. రాత్రి నిద్ర పోతున్నాడా, ఇంట్లో ఎవరి దగ్గర పడుకుంటున్నాడు అని అడుగు. సగం జవాబు అక్కడే దొరుకుతుంది. నీ ముందే వాణ్ణి బాదబోతే అడ్డం పడు, 'కొట్టించడానికి వచ్చాననుకుంటే ఇంకెప్పుడూ రాను' అని గట్టిగా చెప్పు.

అయితే ఒక్క విషయంలో గుట్టు పనికిరాదు. పిల్లని ఎవరైనా, పెద్ద పిల్లాడైనా సరే, పెద్దమనిషైనా సరే, ముట్టకూడని చోట ముట్టారని తెలిస్తే ఇంటికెళ్ళి సర్దిచెప్పడాలు, పరువు, ఊరి పెద్దలు, ఏమీ లేవు. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసిన వాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోతే అది మళ్ళీ నేరం. ఎవడు ఫోన్ చేసి బతిమాలినా వినకు.

ఇక పేరెంట్స్. స్కూలు మేనేజ్‌మెంట్ కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్ళు ఉండాలి అని ఆ విద్యాహక్కు చట్టమే చెప్తుంది, కాగితం మీద ఉంటారు కూడా. కానీ మీటింగుకి మొగుడు వచ్చి సంతకం పెట్టి టీ తాగి వెళ్ళిపోతాడు. నువ్వు ఆ తల్లినే రమ్మను, రాకపోతే నువ్వే వెళ్ళి కూర్చో. మెగా పేరెంట్ టీచర్ మీటింగులు పెడుతున్నారు కదా, మంచిదే, ఊరంతా వస్తుంది, ముగ్గులూ ఆటలూ బాగుంటాయి, కానీ అక్కడ ఏ తల్లీ 'నా పిల్లని ఏడిపిస్తున్నారు' అని మైకులో చెప్పదు. మీటింగులో ప్రభుత్వం తల్లుల ఖాతాలో వేసే తల్లికి వందనం డబ్బులు పడలేదనే గొడవతోనే టైమంతా పోతుంది, దానికి తిట్టుకోకు, ముందు దాని సంగతి చూసిపెట్టు, పని చేసిపెట్టిన టీచరు మాట వింటారు.

మీ లంకలో సగం మంది తల్లులు కువైట్లో ఉంటారు, ఇక్కడ పేరెంట్ అంటే అమ్మమ్మో నాయనమ్మో. మీ అమ్మ పారిపోయిందటగా అని ఏడిపిస్తారే ఆ పిల్లల్ని, నేను విన్నాను, పెద్దాళ్ళ నోటి నుంచి వచ్చిన మాటే అది. ఆ తల్లులకి వీడియో కాల్ చెయ్యి. మనకంటే వాళ్ళకి రెండున్నర గంటలు వెనక, మన ఐదున్నర అంటే అక్కడ మధ్యాహ్నం మూడు, పని మధ్యలో ఎప్పుడు కుదురుతుందో ముందే అడిగి పెట్టుకో. పిల్ల క్లాసులో పద్యం చెప్తుంటే తల్లి ఫోన్లో కనపడనీ, మిగతా పిల్లలు చూడనీ. దానికి మించి నువ్వేం లెక్చర్ ఇవ్వక్కర్లేదు.

వంటమ్మని మర్చిపోకు. ఎవడి గుడ్డు ఎవడు లాక్కుంటున్నాడు, ఎవరు ఎవరి పక్కన కూర్చోనంటున్నారు, అన్నీ ఆవిడకే తెలుసు, ఆవిణ్ణి ఏ మీటింగుకీ పిలవరు. ఆ భోజనానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు, మన లంకల గన్నవరం ఆవిడే, వేళ కాని వేళ గోదారి దాటి వచ్చినవాళ్ళకి కూడా పొయ్యి వెలిగించి వండి పెట్టిన మనిషి. ఆ పేరు గోడ మీద రాసుకుని కింద పిల్లలు వీధుల వారీగా వరసలు కడుతుంటే చూస్తూ ఊరుకున్నావని తెలిసిందో, నేనే పంటు ఎక్కి వచ్చి నీ చెవి మెలేస్తా. వరసలు రోజూ మార్చు, నువ్వూ వాళ్ళతో పాటు కింద కూర్చుని తిను.

ఏడిపించేవాణ్ణి క్లాసు లీడర్ చేసేస్తే మారిపోతాడని ట్రైనింగుల్లో చెప్తారు. నాకు నమ్మకం లేదు, వాడికి కర్ర ఇచ్చినట్టే, కనీసం మొదట్లో వద్దు. నువ్వు ఎక్కువ మాట్లాడాల్సింది పక్కన నిలబడి నవ్వే పిల్లలతో. వాళ్ళు నవ్వడం మానేస్తే వాడికి సరదా పోతుంది. ఆపమని చెప్పే ధైర్యం చిన్నపిల్లలకి ఉండదు, ఆపక్కర్లేదు, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని అక్కణ్ణించి తీసుకెళ్ళిపోండి అని నేర్పు. అది ఒకటో క్లాసు పిల్ల కూడా చెయ్యగలదు.

ఏడిపించే పిల్లల్ని రాక్షసుల్లా చూడకే. నువ్వేం తక్కువ తిన్నావా, రెండో క్లాసులో పక్కింటి పిల్ల రిబ్బన్లు లాగి కాలవలో పడేసి, అడిగితే గాలికెళ్ళాయి అన్నావు. అప్పుడే నీ తర్వాత తమ్ముడు పుట్టాడు, మీ అమ్మ వాడితోనే సరిపోయేది, నీ జడ కూడా ఎవరూ వేసేవారు కాదు. మీ తాతయ్య నిన్ను ఒక్క మాట అనకుండా ఆ పిల్లతో పాటు నీకూ కొత్త రిబ్బన్లు కొనుక్కొచ్చి ఇద్దరికీ ఆయనే జడలు వేశాడు, వంకరటింకరగా. బంగారుతల్లివే నువ్వు, అప్పుడూ ఇప్పుడూ.

వాట్సాప్ గ్రూపు మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. సెలవులూ మీటింగులూ పెట్టుకో, ఎవరూ మెసేజ్ చెయ్యకుండా సెట్టింగ్ పెట్టేసెయ్యి. రాత్రి పదింటికి ఎవడో తాగి వాయిస్ మెసేజ్ పెడితే పొద్దున్నకి ఊళ్ళో కర్రలు లేస్తాయి.

బడి వదిలాక గట్టు మీద ఎవరు ఎవరితో నడుస్తున్నారో కనిపెట్టు, వానాకాలం మరీను. ఏడుస్తూ ఒంటరిగా వెళ్ళే పిల్ల అంటే నాకు ఇప్పటికీ గుండె దడే. దారిలో కిళ్ళీ కొట్టాయన, ఆటో అబ్బాయి, గట్టు పక్క ఇంట్లో లేసు అల్లుకునే ముసలామె, వీళ్ళకి నీ నంబరు ఇచ్చి ఉంచు.

ఫ్లెక్సీ ఆపించు, ఆ డబ్బులతో నాలుగు కుర్చీలు కొను, మీటింగుకి వచ్చిన వాళ్ళందరూ కూర్చునేలా, సరిపోకపోతే అందరూ చాపల మీదే, నువ్వు కూడా. కంప్లైంట్ బాక్సు పెడితే తాళం నీ దగ్గరే ఉంచుకో, తీసినవి ఎవరి ముందూ చదవకు, రాయడం రాని చిన్నపిల్లలు బొమ్మ వేసినా చాలని చెప్పు. మీటింగు డేటు మాత్రం దాళ్వా నాట్లు అయ్యాయో లేదో కనుక్కుని పెట్టు, లేకపోతే ఎవరూ రారు, వచ్చినా కూలి పోయిందని నిన్నే తిట్టుకుంటారు.

మీ అత్త