షుగర్ డాక్టర్ ఆగమంటారు, గైనకాలజిస్ట్ ఆగొద్దంటారు: 37 ఏళ్లకి, టైప్ 1తో, పిల్లల కోసం

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. వయసు 37, టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ తయారవని షుగర్) వచ్చి 22 ఏళ్లు, ఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) 7.8. "6.5కి దిగాకే ప్రయత్నించండి" అని షుగర్ డాక్టర్ అన్నారు. "ఈ వయసులో నెలలు పోగొట్టుకోకండి" అని గైనకాలజిస్ట్ అన్నారు. ఎవరి మాట వినాలి, అసలు ఇంత ఆలస్యంగా ఆశపడటమే తప్పా అని అడిగారు, బిడ్డకీ టైప్ 1 వస్తుందేమోనన్న భయమూ రాశారు. ఇదే ఇరకాటంలో నేనూ పడ్డాను. నాకు 13వ ఏట టైప్ 1 వచ్చింది, 36 నిండాక పిల్లల కోసం మొదలుపెట్టాం. ఇప్పుడు నాకు 42, మా బాబుకి ఏడాదిన్నర. మధ్యలో ఒక గర్భం నిలవలేదు. నేను డాక్టర్ని కాను. నేను పడ్డవి, నా డాక్టర్లు విడమరిచి చెప్పినవి మాత్రం రాస్తున్నాను.

ఇద్దరి మాటా వినండి, ఒకేసారి వినండి. ముందు షుగర్ సంగతి, అది తేలాక మిగతావి అని నేను వరస పెట్టుకున్నాను. ఏ1సీ 8.1 నుంచి 6.6కి రావడానికి నాకు 11 నెలలు పట్టింది. అప్పుడు తీరిగ్గా గైనకాలజిస్ట్ దగ్గరికి వెళితే ఏఎంహెచ్ (అండాల నిల్వని అంచనా వేసే రక్త పరీక్ష), థైరాయిడ్, మా ఆయనకి వీర్య పరీక్ష రాశారు. నా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ అంకె, ఎక్కువైతే థైరాయిడ్ మందగించినట్టు) 5.6 ఉంది, దానికి మాత్ర మొదలుపెట్టి సర్దుకునేదాకా ఇంకో రెండు నెలలు. ఏఎంహెచ్ 0.9, తక్కువే. ఈ పరీక్షలన్నీ ఆ 11 నెలల్లో ఏ రోజైనా చేయించుకోగలిగేవే. షుగర్ చూసేవాళ్లు షుగర్ చూశారు, గర్భసంచి చూసేవాళ్లు గర్భసంచి చూశారు, రెండూ కలిపి చూడమని నాకూ తోచలేదు. ఆ నెలలు తలచుకుంటే ఇప్పటికీ బాధే. టైప్ 1 ఉన్నవాళ్లలో థైరాయిడ్ సమస్య ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి టీఎస్‌హెచ్ ఒక్కటైనా ఈ వారమే చూపించుకోండి.

షుగర్ డాక్టర్ ఆగమనడానికి గట్టి కారణమే ఉంది. బిడ్డ మెదడు, వెన్నుపాము రూపుదిద్దుకునే గొట్టం గర్భం దాల్చిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. గుండె, మిగతా అవయవాలు మొదటి ఎనిమిది వారాల్లోనే ఏర్పడతాయి. నెల తప్పిందని మనకి తెలిసి, పరీక్ష చేసుకుని, డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి అందులో సగం పని అయిపోతుంది. అందుకే షుగర్ ముందే సిద్ధంగా ఉండాలి, అప్పటిదాకా గర్భం రాకుండా జాగ్రత్తపడాలి. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్, బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు చెప్పే నైస్ అనే సంస్థ మార్గదర్శకాలు, రెండూ 6.5 లోపే అంటాయి. 10 దాటి ఉంటే ప్రయత్నమే వద్దని నైస్ చెబుతుంది.

అయితే 6.5 దగ్గర గోడ ఏమీ లేదు. ఏ1సీ ఎంత దిగితే ప్రమాదం అంత తగ్గుతుంది. మాటిమాటికీ షుగర్ పడిపోకుండా ఎంతవరకు దించగలం అన్నదే అసలు లెక్క. నన్ను 6.6 దగ్గర మొదలుపెట్టమన్నారు, ఎందుకంటే ఇంకా దించబోతే రాత్రుళ్లు 50లకి జారిపోతున్నాను. మీ డాక్టర్‌ని సూటిగా అడగండి: "నా విషయంలో ఎంత దగ్గర మొదలుపెట్టమంటారు? ఎన్నాళ్లలో?" తేదీ లేకుండా "ఇంకా తగ్గాలి" అనే మాట వింటూ కూర్చోకండి. 7.8 అంటే సగటు షుగర్ దాదాపు 177. 6.5 అంటే 140. సగటు షుగర్ తగ్గాల్సింది 37. ఏ1సీ కొలిచేది ఎర్ర రక్తకణాలకి అంటుకున్న చక్కెరని, ఆ కణం నాలుగు నెలల దాకా బతుకుతుంది కాబట్టి ఏ1సీ నెమ్మదిగా కదులుతుంది, మీరు ఈ నెల పడ్డ కష్టం అందులో ఇంకా పూర్తిగా కనిపించదు. సెన్సర్ (ఒంటికి అంటించుకుంటే రోజంతా షుగర్ చూపించేది) ఉంటే 14 రోజుల సగటు చూసుకోండి, మనసుకి కాస్త ధైర్యం వస్తుంది. రక్తహీనత ఉంటే ఏ1సీ అంకె తప్పుదోవ పట్టిస్తుంది, అదీ చూపించుకోండి.

దించే ముందు కళ్లు. ఇది నేను అందరికీ చెబుతాను. ఎన్నో ఏళ్లుగా ఎక్కువగా ఉన్న షుగర్‌ని ఒక్కసారిగా దించితే రెటీనా దెబ్బ ముదిరే అవకాశం ఉంది, గర్భం కూడా దాన్ని పెంచుతుంది. నేను తొందరపడి మొదటి మూడు నెలల్లోనే ఏ1సీని ఒక పాయింటు పైన దించేశాను, తర్వాత కళ్లు చూపించుకుంటే ఎడమ కంట్లో కొత్త రక్తనాళాలు మొదలయ్యాయన్నారు. రెండు విడతలు లేజర్ చేశారు. చూపు దక్కింది, కానీ ముందే చూపించుకుని ఉంటే అంత భయపడాల్సిన పనే ఉండేది కాదు. మీకు 22 ఏళ్ల షుగర్, వాయిదా వేయకండి. దాంతోపాటు కిడ్నీల కోసం మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ పరీక్షలు.

మందుల చీటీ కూడా ఒకసారి ఇద్దరు డాక్టర్లకీ చూపించండి. నాకు కిడ్నీల కోసం పేరు చివర "ప్రిల్" వచ్చే బీపీ మాత్ర ఒకటి, కొలెస్ట్రాల్ మాత్ర ఒకటి ఉండేవి. ఆ రెండు రకాలూ గర్భంలో పనికిరావు, "సార్టన్" అని వచ్చేవీ అంతే. మీ అంతట మీరు ఆపేయకండి, మార్చి ఇస్తారు. ఫోలిక్ యాసిడ్ మామూలుగా అయితే 400 మైక్రోగ్రాములు. షుగర్ ఉన్నవాళ్లకి బ్రిటన్‌లో 5 మిల్లీగ్రాములు రాస్తారు, నాకూ అదే రాశారు. ప్రయత్నం మొదలుపెట్టకముందు నుంచే వేసుకోవాలి.

ఏఎంహెచ్ 0.9 చూసి ఆ రోజు నేను చాలా ఏడ్చాను. తర్వాత తెలిసింది, హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తే ఎన్ని అండాలు రావచ్చో అది చెబుతుంది. సహజంగా గర్భం వస్తుందా, అండం మంచిదేనా అన్నది చెప్పదు. ఆ రిపోర్టు వచ్చిన మూడో నెలలోనే నాకు నెల తప్పింది. 35 దాటినవాళ్లు ఆరు నెలలు ప్రయత్నించాక, 40 దాటినవాళ్లు వెంటనే డాక్టర్‌ని కలవాలంటారు. మీరు ఆ ఆరు నెలల లెక్క పట్టుకోకుండా పరీక్షలు ఇప్పుడే చేయించుకోండి.

ఒక చిన్న విషయం, టైప్ 1 వాళ్లకే తెలిసేది. పీరియడ్స్ ముందు వారం నాకు షుగర్ మొండికేస్తుంది, బేసల్ (తిండితో పనిలేకుండా రోజంతా అందే ఇన్సులిన్) 15 శాతం పెంచితే గానీ దారికి రాదు. ప్రొజెస్టెరాన్ వల్లట. పీరియడ్ మొదలైన రోజు గ్రాఫ్ జారుడుబండలా కిందికి వస్తుంది. ఆ నెల 28వ రోజు వచ్చింది, 29 వచ్చింది, గ్రాఫ్ దిగలేదు. పరీక్ష కిట్ కంటే ముందు ఆ సెన్సర్ గీతే నాకు చెప్పింది. ఇదే నమ్మకం తర్వాత మరో రెండు నెలలు నన్ను మోసం చేసింది కూడా, కాబట్టి గీత చూసి ఆశలు పెంచుకోకండి.

ఆ గర్భం ఏడు వారాల మూడు రోజులకి స్కాన్‌లో గుండె చప్పుడు లేకుండా కనిపించింది. అప్పుడు నా ఏ1సీ 6.4. ఆ రాత్రి నేను ఏం చేశానో చెప్తాను, మీకూ ఎప్పుడైనా అలాంటి రోజు వస్తే గుర్తుకు రావాలి. మంచం మీద కూర్చుని ఫోన్‌లో మూడు నెలల సెన్సర్ రికార్డు వెనక్కి తిప్పుతూ పోయాను. ఐదో వారంలో ఒక రాత్రి దొరికింది. ఇన్సులిన్ పంపు గొట్టం చివర, చర్మంలోకి వెళ్లేచోట వంగిపోయి ఇన్సులిన్ అందలేదు, నాలుగు గంటలు 268 మీద ఉంది. ఇదే, నేనే చంపుకున్నాను అనుకున్నాను. మా ఆయన ఫోన్ లాక్కున్నా ఆ అంకె కళ్ల ముందు నుంచి పోలేదు. మూడు వారాల తర్వాత ఆ పిండానికి చేసిన జన్యు పరీక్ష రిపోర్టు వచ్చింది, 16వ క్రోమోజోమ్ రెండు ఉండాల్సిన చోట మూడు ఉన్నాయి. అది అండం తయారయ్యేటప్పుడే జరిగే పొరపాటు, వయసు పెరిగేకొద్దీ ఎక్కువవుతుంది, ఆ రాత్రి 268కి దానికీ సంబంధం లేదు అని డాక్టర్ కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. అధిక షుగర్ వల్ల గర్భస్రావాలు జరుగుతాయి, అది నిజమే. కానీ మనకి ఏం జరిగినా ముందు షుగర్‌నే, అంటే మనల్నే, నిందించుకునే అలవాటు పడిపోయింది. అలాంటిదే జరిగితే, వీలుంటే ఆ పరీక్ష చేయించుకోండి. నన్ను ఆ రాత్రి నుంచి బయటికి తెచ్చింది ఆ కాగితమే.

తర్వాత ఆరు నెలలు ఏమీ కాలేదు, ఐవీఎఫ్‌కి వెళ్లాం. హార్మోన్ ఇంజెక్షన్ల రోజుల్లో నా ఇన్సులిన్ 38 యూనిట్ల నుంచి 50కి చేరింది. అండాలు తీసే రోజు ఖాళీ కడుపుతో రమ్మన్నారు. అక్కడి సిబ్బంది "ఏమీ తినలేదు కదా, పంపు తీసేయండి" అన్నారు. టైప్ 1 వాళ్లకి తిన్నా తినకున్నా బేసల్ ఇన్సులిన్ ఆగకూడదు, ఆగితే కొన్ని గంటల్లోనే కీటోన్లు (రక్తాన్ని ఆమ్లంగా మార్చే ప్రమాదకర పదార్థాలు) పుడతాయి. గౌను వేసుకుని, సెలైన్ సూది చేతికి పెట్టుకుని, నేనే వాదించాల్సి వచ్చింది. చివరికి మా షుగర్ డాక్టర్‌కి ఫోన్ కలిపితే ఒప్పుకున్నారు. మీరు ఆ దాకా వెళితే ముందే ఒక ఉత్తరం రాయించుకుని ఫైల్లో పెట్టుకోండి. ఏడు అండాలు వచ్చాయి, రెండు పిండాలు మిగిలాయి, ఒక్కదాన్నే పెట్టించుకున్నాం. షుగర్‌తో కవలలంటే ఇద్దరికీ, తల్లికీ ప్రమాదం పెరుగుతుంది.

గర్భం నిలిచాక సంగతి మీకు ఇప్పుడే అంతా అక్కర్లేదు, రెండు మాటలు చెప్తాను. మొదటి మూడు నెలల్లో షుగర్ అనుకోకుండా పడిపోతుంది. తొమ్మిదో వారంలో ఒక రాత్రి అలారం మోగితే 46. చెమటలు, ఒకపక్క వాంతి, తాగిన జ్యూస్ లోపల నిలవదు. మా ఆయన గ్లూకోజ్ జెల్ చిగుళ్లకి రాస్తూ కూర్చున్నారు. గ్లూకాగాన్ (షుగర్ మరీ పడిపోతే పైకి తెచ్చే అత్యవసర మందు) ఇంట్లో పెట్టుకోండి, ఎలా ఇవ్వాలో పక్కనుండేవాళ్లకి ముందే చూపించండి. వాంతులున్నప్పుడు ఇన్సులిన్ తిన్నాక వేసుకోవచ్చా అని డాక్టర్‌ని అడగండి. సగం గర్భం దాటాక అంతా తిరగబడుతుంది, నాకు నెలలు నిండేసరికి ఇన్సులిన్ రెట్టింపు దాటింది, కాన్పు అయిన గంటల్లోనే మళ్లీ కిందికి పడింది. సెన్సర్ కొనే వెసులుబాటు ఉంటే వెనకాడకండి. 2017లో లాన్సెట్‌లో వచ్చిన కాన్సెప్ట్ అధ్యయనంలో, టైప్ 1 ఉన్న గర్భిణులు సెన్సర్ వాడితే బిడ్డలు మరీ పెద్దగా పుట్టడం, ఐసీయూలో ఉండాల్సి రావడం తగ్గాయి.

ఇక ఆలస్యం తప్పా అన్నదానికి. వయసు వల్ల వచ్చే కష్టాలు నేను దాచలేదు, గర్భస్రావం, డౌన్ సిండ్రోమ్, బీపీ, ఇవన్నీ పెరుగుతాయి. బీపీ ముప్పు తగ్గడానికి నాకు 12వ వారం నుంచి చిన్న మోతాదు ఆస్పిరిన్ ఇచ్చారు. కానీ మీరు భయపడుతున్న ఇంకో సంగతి ఉంది కదా, బిడ్డకీ టైప్ 1 వస్తుందేమోనని. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెప్పే లెక్క ప్రకారం తల్లికి టైప్ 1 ఉండి 25 ఏళ్లలోపు కంటే బిడ్డకి వచ్చే అవకాశం 25 మందిలో ఒకరికి, 25 దాటాక కంటే 100 మందిలో ఒకరికి. తల్లికి 11 ఏళ్లలోపే వచ్చి ఉంటే అది రెట్టింపు అవుతుంది, మీకు 15వ ఏట వచ్చింది. ఈ ఒక్క విషయంలో మన వయసు మన పక్షానే ఉంది.

ముందు కంటి డాక్టర్ దగ్గర టైం తీసుకోండి. చుక్కలు వేస్తారు, కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది. బండి నడపకండి, ఎవరినైనా తోడు తీసుకెళ్లండి.